ఆటస్థలం ఎవరూ ఊరికే ఇవ్వలేదు

అమెరికా బడుల గురించి మన వైపు రెండు మాటలు తిరుగుతుంటాయి. అక్కడి పిల్లలకు చదువు తక్కువ, ఆటలెక్కువ అనేది ఒకటి. అక్కడ పెద్ద యూనివర్సిటీలో సీటు కావాలంటే మార్కులొక్కటే చాలవు, ఆటలూ సేవా కార్యక్రమాలూ చూపించాలి అనేది రెండోది. అరసవల్లిలో ఉంటూ ఎనిమిదో తరగతి దాకా శ్రీకాకుళంలో చదివి, ఆ తర్వాత అమ్మానాన్నలతో మేరీల్యాండ్ వచ్చి ఇక్కడి ప్రభుత్వ హైస్కూల్లో చేరాను. ఇప్పుడు పన్నెండో తరగతి. ఆ రెండు మాటల్లోనూ కొంత నిజముంది. కానీ ఈ దేశపు బడిలోకి ఆట ఎలా వచ్చిందో, సేవ ఎలా వచ్చిందో ఎవరూ చెప్పగా నేను వినలేదు. వాటి వెనక నూట పాతికేళ్ల చరిత్ర ఉంది. అందులో భయాలున్నాయి, అన్యాయాలున్నాయి, పోరాటాలున్నాయి. మన ఊళ్లకు పనికొచ్చే సంగతులూ ఉన్నాయి కాబట్టి ఇది రాస్తున్నాను.

నేను బడి జట్టులో వాలీబాల్ ఆడతాను. శరత్కాలంలో ఒక రకం ఆటలు, చలికాలంలో ఒక రకం, వసంతంలో ఇంకో రకం ఉంటాయి. ప్రతి సీజన్ మొదట్లో ఎంపికలు జరుగుతాయి. బడి విడిచాక సాయంత్రం దాకా సాధన. వేరే బడితో పోటీ ఉంటే మమ్మల్ని బడి బస్సులోనే తీసుకెళ్తారు. చదువులో సగటు 2.0కి తగ్గినా, ఒకటికి మించి సబ్జెక్టులు తప్పినా మా కౌంటీలో జట్టులో ఉండనివ్వరు. ఈ సంగతి చెప్పాకగాని మా నాయనమ్మ మనసు కుదుటపడలేదు. అంతకుముందు ఫోన్ చేసినప్పుడల్లా “ఏటే గుంటా, సదువుకోడానికెల్లేవా, బంతాట ఆడడానికెల్లేవా?” అనేది. ఆ కంగారులో తప్పేమీ లేదు. మన దగ్గర ఆట అంటే చదువులోంచి దొంగిలించిన సమయమే. శ్రీకాకుళంలో నేను చదివిన ప్రైవేటు బడికి మూడంతస్తుల మేడ ఉంది, గ్రౌండ్ లేదు. టైమ్ టేబుల్లో గేమ్స్ పీరియడ్ ఉండేది, ఆ పీరియడ్‌కి లెక్కల సారు వచ్చేవారు.

అమెరికాలో కూడా మొదట్లో ఆటలు బడివి కావు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో హైస్కూలు కుర్రాళ్లే జట్లు కట్టుకుని, చందాలు వేసుకుని, పక్క ఊరి కుర్రాళ్లతో పోటీలు పెట్టుకునేవారు. దెబ్బలాటలు జరిగేవి. బడిలో పేరే లేనివాళ్లు కూడా వచ్చి ఆడిపోయేవారు. ఇది అదుపు తప్పుతోందని పెద్దలు నెమ్మదిగా పగ్గాలు చేతిలోకి తీసుకున్నారు. న్యూయార్క్ నగరంలో దానికి ఇంకో కారణం తోడైంది. 1900 ప్రాంతంలో ఇటలీ నుంచి, తూర్పు యూరప్ నుంచి పేద కుటుంబాలు ఓడలకొద్దీ వచ్చి ఇరుకు గదుల్లో కాపురాలు పెట్టాయి. వీధుల్లో పెరిగే ఈ పిల్లలు పాడైపోతారనీ, వీళ్లను అమెరికన్లుగా మలచాలనీ అక్కడి పెద్దలు అనుకున్నారు. ఆ ఆలోచనతోనే 1903లో లూథర్ గులిక్ అనే వ్యాయామ విద్యావేత్త చొరవతో న్యూయార్క్‌లో పబ్లిక్ స్కూల్స్ అథ్లెటిక్ లీగ్ పుట్టింది. వచ్చినవాళ్లంటే భయం అందులో ఉందని నాకు తెలుసు, వచ్చినవాళ్లలో నేనూ ఒకదాన్ని కాబట్టి ఆ భాగం చదివినప్పుడు మనసు చివుక్కుమంది. అయినా ఆ భయం వల్లే పేదపిల్లలకు మైదానాలు దొరికాయన్నదీ నిజమే.

ఆ గులిక్ పేరు గుర్తుంచుకోండి, ఆ దారి మన ఊరి దాకా వస్తుంది. అంతకుముందు ఆయన మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో వైఎంసీఏ శిక్షణ కళాశాలలో ఉండేవారు. చలికాలంలో నాలుగు గోడల మధ్య ఆడుకునే ఆట ఒకటి కనిపెట్టమని తన దగ్గర పనిచేసే జేమ్స్ నైస్మిత్‌ను పురమాయించింది ఆయనే. నైస్మిత్ 1891 డిసెంబరులో రెండు పీచు పండ్ల బుట్టలు బాల్కనీ కమ్మీలకు తగిలించి, పదమూడు నియమాలు రాసి బాస్కెట్‌బాల్ ఆడించాడు. దగ్గర్లోనే ఉన్న హోలియోక్ వైఎంసీఏలో 1895లో విలియం మోర్గన్ వాలీబాల్‌కు రూపమిచ్చాడు. స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే చదువుకున్న హారీ క్రో బక్ సముద్రం దాటి మద్రాసు వచ్చి 1920లో వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాల స్థాపించాడు. 1924 పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్లిన భారత జట్టుకు మేనేజర్ కూడా ఆయనే. అప్పుడు మన జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలోవే. మన బడుల్లో డ్రిల్లు మాస్టారు అనే మనిషి మెడలో విజిల్‌తో స్థిరపడడం వెనక ఆ కళాశాల చేయి ఉంది. మన ఊళ్లలో సాయంత్రాలు రెండు గుంజలు పాతి, వల కట్టి ఆడే వాలీబాల్ పుట్టిల్లు, నేనిప్పుడున్న దేశమే.

1918లో అమెరికా విద్యావేత్తల సంఘం ఒకటి హైస్కూలు చదువుకు ఏడు లక్ష్యాలు రాసింది. మొదటిది ఆరోగ్యం. తీరిక సమయాన్ని సద్వినియోగం చేసుకోవడమూ, పౌరధర్మమూ ఆ ఏడింటిలో ఉన్నాయి. అదే సమయంలో మొదటి ప్రపంచయుద్ధానికి పిలిచిన యువకుల్లో ఎంతోమంది దేహదారుఢ్యం లేక వెనక్కి వచ్చారు. బడిలో వ్యాయామం తప్పనిసరి చేస్తూ రాష్ట్రాలు చట్టాలు చేశాయి. గ్రౌండ్ లేని హైస్కూల్‌ని ఇక్కడ ఊహించుకోలేకపోవడం వెనక ఇన్ని కారణాలున్నాయి.

అయితే ఆ గ్రౌండ్ అందరిదీ కాదు. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లపిల్లల బడి వేరు, తెల్లపిల్లల బడి వేరు, పోటీలూ వేరే. బడుల్లో ఈ వేర్పాటు చెల్లదని 1954లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చినా, చాలాచోట్ల ఏళ్ల తరబడి నాన్చారు. మాకు పొటోమాక్ నదికి అవతల ఉన్న అలెగ్జాండ్రియాలో 1971లో పై తరగతుల పిల్లలందరినీ టి.సి. విలియమ్స్ హైస్కూల్‌కు చేర్చారు. రెండు జాతుల పిల్లలూ ఒకే ఫుట్‌బాల్ జట్టులో చేరి, నల్లజాతి కోచ్ హెర్మన్ బూన్ చేతికింద ఆ ఏడాది ఒక్క ఆటా ఓడకుండా రాష్ట్ర విజేతలయ్యారు. ‘రిమెంబర్ ది టైటన్స్’ సినిమా ఆ కథే. సినిమా చెప్పని సంగతొకటి నన్ను ఎక్కువగా పట్టుకుంది. ఆ బడికి ఎవరి పేరు పెట్టారో ఆ విలియమ్స్ ఒకప్పటి విద్యాశాఖ సూపరింటెండెంట్, పిల్లల్ని కలపడాన్ని గట్టిగా వ్యతిరేకించిన మనిషి. విద్యార్థులూ ఊరివాళ్లూ అడగ్గా అడగ్గా 2021లో ఆ పేరు తీసేశారు. ఇప్పుడది అలెగ్జాండ్రియా సిటీ హైస్కూల్.

ఇక ఆడపిల్లల సంగతి. దీని గురించి రాయడానికే నేను ఈ వ్యాసం మొదలుపెట్టాను అనుకున్నా తప్పులేదు. నైస్మిత్ బాస్కెట్‌బాల్ కనిపెట్టిన కొద్దికాలానికే ఆడపిల్లలు దాన్ని అందిపుచ్చుకున్నారు. కానీ వాళ్లు అలసిపోతారని, నాజూకు తగ్గుతుందని వాళ్ల కోసం వేరే నియమాలు పెట్టారు. జట్టుకు ఆరుగురు, ముగ్గురు ఈ సగంలో, ముగ్గురు ఆ సగంలో, మధ్యగీత దాటకూడదు. అయోవా రాష్ట్రంలో ఆ పద్ధతి 1993 దాకా సాగింది! చాలా బడుల్లో అయితే ఆడపిల్లలకు జట్టే లేదు. 1971-72లో అమెరికా హైస్కూలు జట్లలో మగపిల్లలు 36 లక్షలకు పైగా ఉంటే, ఆడపిల్లలు 3 లక్షలు కూడా లేరు.

1972 జూన్ 23న అధ్యక్షుడు నిక్సన్ సంతకం చేసిన విద్యా చట్టంలో ‘టైటిల్ నైన్’ అనే భాగం ఉంది. ప్రభుత్వ సొమ్ము తీసుకునే ఏ విద్యాసంస్థలోనూ ఆడా మగా తేడా చూపకూడదన్నదే దాని సారం. అందులో ఆట అన్న మాటే లేదు. దాని కోసం పాటుపడినవాళ్లలో ముఖ్యురాలు హవాయి నుంచి ఎన్నికైన ప్యాట్సీ మింక్, జపాన్ నుంచి వలస వచ్చినవాళ్ల మనవరాలు. డాక్టరు కావాలనుకుంటే ఆడదానివని వైద్యకళాశాలలు చేర్చుకోలేదు. లా చదివి, అమెరికా కాంగ్రెస్‌కు వెళ్లి, తనకు మూసిన తలుపును తర్వాతివాళ్లకు తెరిచింది. 2002లో ఆమె పోయాక ఆ చట్టానికి ఆమె పేరే పెట్టారు. ఈరోజు హైస్కూలు జట్లలో ఆడపిల్లలు 30 లక్షలు దాటారు. వాళ్లలో అరసవల్లి అమ్మాయి ఒకతె ఉందంటే మొదటి కారణం ఆవిడే. ఆడపిల్లలకు సరిపడా జట్లు పెట్టలేదని ఇక్కడ తల్లిదండ్రులు ఆ చట్టం పట్టుకుని బడుల మీద కోర్టుకెక్కారు, గెలిచారు కూడా.

మనకూ ఆడగలిగే ఆడపిల్లలు లేక కాదు. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లేశ్వరి 2000 సెప్టెంబరులో సిడ్నీలో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయింది. విజయనగరం జిల్లా కొండవెలగాడ నుంచి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం తెచ్చింది. ఇంకా వెనక్కి వెళ్తే వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేశాకే సర్కసు పెట్టి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచాడు. శ్రీకాకుళం స్టేడియానికి ఆయన పేరే. మల్లేశ్వరికి బరువులెత్తడం నేర్పింది నీలంశెట్టి అప్పన్న గారు. మన దగ్గర ఆట ఒక గురువు పట్టుదల మీద, ఒక తల్లి మొండితనం మీద, ఊరి తాలింఖానా మీద బతుకుతోంది. ఆ గురువు లేని ఊళ్లో పుట్టిన పిల్ల సంగతేమిటి? నాతో ఏడో తరగతి దాకా కబడ్డీ ఆడిన స్నేహితురాలు పెద్దమనిషయ్యాక మళ్లీ బరిలోకి దిగలేదు. ఆమె నాకంటే బాగా ఆడేది.

సేవ గురించి కూడా చెప్పాలి. హైస్కూలు పూర్తికావాలంటే సేవ చేసి తీరాలని 1992లో నియమం పెట్టిన మేరీల్యాండ్, దేశంలో ఆ పని చేసిన మొదటి రాష్ట్రం. మా కౌంటీలో 75 గంటలు. ఐదో తరగతి అయ్యాక వచ్చే వేసవి నుంచి లెక్కలోకి వస్తాయి. ఫుడ్ బ్యాంకులో డబ్బాలు సర్దవచ్చు, వాగు గట్టున చెత్త ఏరవచ్చు, లైబ్రరీలో చిన్నపిల్లలకు చదివి వినిపించవచ్చు. బలవంతంగా చేయించేది సేవ ఎలా అవుతుందని కొందరు పోట్లాడారు. పెన్సిల్వేనియాలోని బెత్లెహెంలో బడి 60 గంటల నియమం పెడితే, ఇది బానిసత్వాన్ని నిషేధించిన రాజ్యాంగ సవరణకు విరుద్ధమని ఇద్దరు విద్యార్థుల కుటుంబాలు కోర్టుకు వెళ్లాయి. 1993లో అప్పీలు కోర్టు ఆ వాదన తోసిపుచ్చింది. నా అభిప్రాయం కూడా కోర్టుదే. గంటల కోసం వచ్చి, గంటలు పూర్తయ్యాక కూడా మానకుండా వచ్చే పిల్లల్ని నేను చూశాను. నియమం లేకపోతే వాళ్లకు ఆ గుమ్మమే తెలిసేది కాదు.

కానీ ఈ సేవా, ఈ ఆటా కాలేజీ దరఖాస్తులోకి ఎక్కిన చోట ఒక మచ్చ ఉంది. 1920ల్లో హార్వర్డ్‌లో యూదు విద్యార్థుల సంఖ్య పెరుగుతుంటే ఆ యూనివర్సిటీ అధ్యక్షుడు లోవెల్‌కు నచ్చలేదు. పరీక్షల్లో వాళ్లు గెలుస్తున్నారు కాబట్టి, పరీక్ష ఒక్కటే చాలదన్నారు. గుణం, వ్యక్తిత్వం, నాయకత్వం చూడాలన్నారు, ఫొటో అడిగారు. యేల్, ప్రిన్స్‌టన్ కూడా అదే దారి పట్టాయి. యూదుల సంఖ్య తగ్గింది. వందేళ్ల తర్వాత ఆసియా పిల్లలకు వ్యక్తిత్వం పేరుతో తక్కువ మార్కులు వేస్తున్నారంటూ హార్వర్డ్ మీద పడిన కేసులో జాతిని లెక్కలోకి తీసుకోవడం చెల్లదని 2023 జూన్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇక్కడి మన తెలుగు ఇళ్లలో భరతనాట్యం, రోబోటిక్స్, ఆసుపత్రి సేవ అంటూ పిల్లల వారాంతాలన్నీ నింపేయడానికి మూలం ఆ పాత నిర్ణయమే. దరఖాస్తు కోసం ఆడే ఆట నాకు ఇష్టం లేదు. మన ఊళ్లకు ఇక్కడి నుంచి దిగుమతి చేసుకోకూడనిది ఏదైనా ఉంటే అది ఈ జాబితాల పిచ్చి.

సేవ మనకెవరూ నేర్పనక్కర్లేదు. రథసప్తమికి అర్ధరాత్రి నుంచే అరసవల్లి క్యూలు నిండిపోతాయి. ఆ మాఘమాసపు చలిలో మంచినీళ్లు అందించేది, ముసలివాళ్లను చెయ్యి పట్టి నడిపించేది కాలేజీ పిల్లలే, ఎన్నెస్సెస్ వాళ్లు, స్కౌట్లు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరినీ జీడినీ నేలకూల్చినప్పుడు, రోడ్ల మీద పడ్డ చెట్లను నరికి దారి చేసిన కుర్రాళ్ల గంటల్ని ఎవరూ రాసుకోలేదు. మనకు లేనిది బడిలో ఆటకూ సేవకూ చోటు.

ఆటకైతే ఆ చోటు చట్టంలో ఇప్పటికే ఉంది. ఎనిమిదో తరగతి వరకూ వర్తించే 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో, బడికి ఉండాల్సినవాటిలో ఆటస్థలం ఉంది, ఆట సామాను ఉంది. ప్రైవేటు బడికి గుర్తింపు ఇవ్వాలన్నా అవి ఉండాలి. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో పిల్లలు వందకు మించితే వ్యాయామ విద్యకు పార్ట్ టైమ్ బోధకుడు ఉండాలి. ప్రభుత్వ బడుల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే, మొత్తం సభ్యుల్లో సగం ఆడవాళ్లే ఉండాలని కూడా ఆ చట్టమే చెప్పింది. టైటిల్ నైన్‌లో ఆట మాట లేకపోయినా ఇక్కడివాళ్లు అడిగి సాధించుకున్నారు. మన చట్టంలో ఆ మాట స్పష్టంగా రాసి ఉంది. జూన్‌లో ఫీజు కట్టే ముందు గ్రౌండ్ చూపించమని అడగండి. గేమ్స్ పీరియడ్‌కి ఎవరొస్తారో అడగండి. ఎనిమిదో తరగతి ఆడపిల్లలు ఆ గ్రౌండ్‌లో ఏం ఆడుతున్నారో అడగండి, జవాబు వచ్చేదాకా అడగండి.