కొలిమి, గ్రిడ్డు, గడియారం: ఉత్తరాంధ్రలో భారీ విద్యుత్ వినియోగ నియంత్రణ

లక్ష్యాలు
ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• విజయనగరం ప్రాంతంలో ఫెర్రో అల్లాయ్ పరిశ్రమ వెలసిన కారణాలను వివరించగలుగుతారు.
• భారీ వినియోగదారుల వాడకాన్ని ప్రభుత్వాలు నియంత్రించిన పద్ధతులను పోల్చగలుగుతారు.

1. పరిచయం
విద్యుత్తును ధాన్యంలా గాదెలో పోసి ఉంచలేం. ఏ క్షణంలో ఎంత వాడకం ఉంటే ఆ క్షణంలో అంత ఉత్పత్తి జరగాలి. కొరత వచ్చినప్పుడు వేల ఇళ్లకు సరఫరా ఆపడం కన్నా ఒక పెద్ద కర్మాగారం వాడకం తగ్గించడం పాలకులకు సులువు. మిగులు ఉన్నప్పుడు ఆ కర్మాగారమే మంచి ఖాతాదారు. అందువల్ల గ్రిడ్డు అవసరాన్ని బట్టి భారీ వినియోగదారులను కొంతకాలం ఎక్కువ వాడమన్నారు, కొంతకాలం ఆపమన్నారు. ఈ సర్దుబాటు భారం ఎవరి మీద పడిందన్నదే ఈ పాఠంలోని ముఖ్యాంశం.

2. మాంగనీసు, మాచ్‌ఖండ్
భారతదేశంలో మాంగనీసు తవ్వకం 1892లో గరివిడి సమీపంలోని కోడూరు వద్ద మొదలైంది. దాదాపు ఆరు దశాబ్దాలు ఈ ఖనిజం ముడిసరుకుగానే విదేశాలకు ఎగుమతి అయింది. దానిని ఇక్కడే కరిగించి, ఉక్కు తయారీకి అవసరమైన ఫెర్రో మాంగనీసుగా మార్చాలంటే చవక విద్యుత్తు కావాలి. ఆ లోటును ఆంధ్ర, ఒడిశా ఉమ్మడిగా నిర్మించిన మాచ్‌ఖండ్ జల విద్యుత్ కేంద్రం తీర్చింది. అందులో ఉత్పత్తి 1955లో ప్రారంభమైంది. ఆరు యూనిట్లు పూర్తయ్యాక దాని సామర్థ్యం సుమారు 120 మెగావాట్లు.

అదే 1955లో ఏర్పడిన ఫెర్రో అల్లాయ్స్ కార్పొరేషన్ గరివిడి వద్ద శ్రీరామ్‌నగర్‌లో కర్మాగారం నెలకొల్పింది. అప్పటికి ఈ ప్రాంతం శ్రీకాకుళం జిల్లాలో ఉండేది. 1979లో కొత్తగా ఏర్పడిన విజయనగరం జిల్లాలో చేరింది. తరవాతి కాలంలో కొత్తవలస, బొబ్బిలి ప్రాంతాలలోనూ ఇటువంటి పరిశ్రమలు వచ్చాయి.

3. కొలిమి స్వభావం
టన్ను ఫెర్రో మాంగనీసు తయారీకి సుమారు మూడు వేల యూనిట్లు ఖర్చవుతాయి. ఫెర్రో సిలికాన్‌కు ఎనిమిది వేలకు పైనే కావాలి. అంటే విద్యుత్తు ఈ పరిశ్రమకు దాదాపు ముడిసరుకు వంటిదే. కొద్దిసేపు లోడు తగ్గిస్తే కొలిమి తట్టుకుంటుంది. చాలాసేపు ఆపితే లోపలి ద్రవం గడ్డకడుతుంది, ఎలక్ట్రోడ్లు విరిగే ప్రమాదం ఉంటుంది. తిరిగి వేడెక్కించడానికి వాడిన విద్యుత్తుకు సరుకు రాదు. కాబట్టి ఈ పరిశ్రమకు సర్దుకునే శక్తి ఉంది కాని, అది గంటల లెక్కలోనే, రోజుల లెక్కలో కాదు.

4. తప్పక వాడాలన్న నిబంధన
1999లో విద్యుత్ బోర్డు విడిపోయింది, నియంత్రణ మండలి ఏర్పడింది. ఆ తరవాతి టారిఫ్ ఉత్తర్వులలో ఫెర్రో అల్లాయ్ పరిశ్రమలకు తక్కువ ధరతో ప్రత్యేక వర్గం కల్పించారు. బదులుగా ఒక షరతు పెట్టారు: ప్రతి కె.వి.ఎ. డిమాండుకు ఏడాదికి 6,701 యూనిట్లు వాడాలి. తగ్గితే ఆ లోటును కూడా వాడినట్లే లెక్కించి బిల్లు వేసేవారు.

ఈ అంకె ఎలా వచ్చిందో గమనించండి. ఏడాదికి 8,760 గంటలు. దానిని 0.9 పవర్ ఫ్యాక్టర్‌తోను, 85 శాతం లోడ్ ఫ్యాక్టర్‌తోను గుణిస్తే 6,701 వస్తుంది. అంటే కొలిమి ఏడాది పొడవునా దాదాపు ఆగకుండా మండాలని అర్థం. ఇక్కడ నిలకడకే బహుమానం దక్కింది, సర్దుబాటుకు కాదు.

5. ఆపమన్న ఉత్తర్వులు
2012 సెప్టెంబరు నుంచి ఉమ్మడి రాష్ట్రంలో తీవ్ర కొరత వల్ల పరిశ్రమలపై ఆంక్షలు అమలయ్యాయి. సాయంత్రపు గరిష్ఠ డిమాండు వేళల్లో అవి మరింత కఠినంగా ఉండేవి. 2022 ఏప్రిల్‌లో మళ్లీ 'పవర్ హాలిడే' వచ్చింది. నిరంతరం నడిచే పరిశ్రమలు తమ డిమాండులో సగమే వాడాలన్నారు. మిగిలినవి వారాంతపు సెలవుతో పాటు మరో రోజు మూసివేయాలని, సాయంత్రం 6 నుంచి ఉదయం 6 వరకు విద్యుత్తు వాడరాదని ఆదేశించారు. గృహాలకు, వ్యవసాయానికి సరఫరా కాపాడటం దీని ఉద్దేశం. పొలంలో పైరు ఎండకుండా చూడటం న్యాయమే. అయితే కొలిమి ఆగిన రోజున యాజమాన్యానికి ఉత్పత్తి నష్టం, కాంట్రాక్టు కార్మికునికి కూలి నష్టం. నెల జీతం లేని వానికి హాలిడే అంటే పస్తే.

6. ఉత్తర్వు నుంచి ధరకు
2003 విద్యుత్ చట్టం ఈ రెండు మార్గాలకూ చోటిచ్చింది. సరఫరాను క్రమబద్ధం చేసే అధికారం 23వ సెక్షన్‌లో ఉంది. లోడ్ ఫ్యాక్టర్‌ను, వాడే వేళను బట్టి ధరలో తేడా చూపే వీలు 62(3)లో ఉంది. వేళను బట్టి ధర అనే పద్ధతి ఈ రెండవ దాని మీదే ఆధారపడింది. గరిష్ఠ డిమాండు వేళల్లో ధర ఎక్కువ, తక్కువ డిమాండు వేళల్లో తక్కువ. సౌర విద్యుత్తు పెరిగాక పగటి మిగులును వాడుకోవడం కూడా ముఖ్యమైంది. ఉత్తర్వు ముందుగా చెప్పకుండా ఆపుతుంది. ధర ముందే తెలుస్తుంది, అందువల్ల పరిశ్రమ తన షిఫ్టులను మార్చుకునే వీలుంటుంది.

7. సారాంశం
మాచ్‌ఖండ్ కాలంలో విద్యుత్తు పరిశ్రమను పిలిచింది. టారిఫ్ షరతు దానిని ఆగకుండా నడవమన్నది. కొరత ఆగమన్నది. మారినది కొలిమి స్వభావం కాదు, గ్రిడ్డు అవసరం. సర్దుబాటుకు ముందస్తు సమాచారం, తగిన ప్రతిఫలం, కార్మికుల కూలికి రక్షణ తోడైతేనే అది నిర్వహణ అవుతుంది. లేకపోతే అది కోతకు మరో పేరు మాత్రమే.

మీ ప్రగతిని సమీక్షించుకోండి
1. గరివిడిలో ఫెర్రో అల్లాయ్ పరిశ్రమ స్థాపనకు దోహదం చేసిన అంశాలు ఏవి?
2. 6,701 యూనిట్ల షరతుకు, 2022 ఆంక్షలకు మధ్య గల వైరుధ్యాన్ని చర్చించండి.