ఒక్క సెల్‌ఫోనుతో తరగతికంతటికీ పరీక్ష

పాఠం ముగిసిన వెంటనే ‘అర్థమైందా?’ అని ఉపాధ్యాయుడు అడగటం, తరగతి మొత్తం ఏకకంఠంతో ‘అర్థమైంది సార్’ అనటం ప్రతి పాఠశాలలోనూ నిత్యం జరిగేదే. ఆ జవాబులో ముందు వరుసలోని నలుగురైదుగురి గొంతు ఎంత, చివరి బల్లపై కూర్చున్నవారి మౌనం ఎంత అన్నది పరీక్ష పత్రాలు దిద్దే వరకు తేలదు. పత్రాలు దిద్ది మార్కులు రిజిస్టరుకెక్కేసరికి రెండు మూడు వారాలు గడిచిపోతాయి. అప్పటికి మరో పాఠం మొదలై ఉంటుంది. తెలియని విద్యార్థి తెలియకుండానే పై తరగతికి చేరుకుంటాడు.

ఈ జాప్యాన్ని తగ్గించేందుకు ఇంటర్నెట్‌లో పైసా ఖర్చు లేకుండా లభించే సాధనాలు పలు ఉన్నాయి. పిల్లల చేతుల్లో ఫోన్లు, కంప్యూటర్లు లేని పల్లె పాఠశాలల్లో సైతం కొన్నింటిని వినియోగించుకోవచ్చు. అయితే ఏది దేనికి పనికివస్తుంది, ఎక్కడ చతికిలపడుతుంది అన్నది ముందుగా తెలుసుకోవలసి ఉంది.

చట్టం కోరిందీ ఇదే

2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం-2009లోని 29వ సెక్షన్ పిల్లల అవగాహనను, నేర్చినదాన్ని అన్వయించే సామర్థ్యాన్ని సమగ్రంగా, నిరంతరంగా మూల్యాంకనం చేయాలని నిర్దేశించింది. తెలుగు రాష్ట్రాల్లో ‘ఎఫ్‌ఏ’, ‘ఎస్‌ఏ’లుగా పిలిచే నిర్మాణాత్మక, సంగ్రహణాత్మక మూల్యాంకనాలు ఆ ఆలోచన నుంచి వచ్చినవే. ఈ రెండింటి మధ్య తేడాను 1967లో మైకేల్ స్క్రివెన్ అనే విద్యావేత్త ప్రతిపాదించారు. పని సాగుతుండగానే లోపాన్ని పట్టుకుని సరిదిద్దుకునేందుకు మొదటిది, పని ముగిశాక ఫలితాన్ని తేల్చేందుకు రెండవది. 1998లో పాల్ బ్లాక్, డిలాన్ విలియం అనే బ్రిటన్ పరిశోధకులు సుమారు 250 అధ్యయనాలను పరిశీలించి, మొదటి తరహా మూల్యాంకనం సక్రమంగా జరిగిన చోట విద్యార్థుల ప్రగతి మెరుగుపడుతోందని తేల్చారు.

ఆచరణలో మాత్రం ఎఫ్‌ఏ సైతం పలుచోట్ల మరొక చిన్న పరీక్షగానే మిగిలిపోయింది. మార్కులు గడుల్లో నిండుతున్నాయి. మరునాటి పాఠం మాత్రం మారటం లేదు.

అట్టముక్కే జవాబు పత్రం

విద్యార్థుల వద్ద ఏ పరికరమూ లేని తరగతికి ‘ప్లికర్స్’ అనే సాధనం అనువైనది. అమెరికాలోని కాలిఫోర్నియాలో ఒక గణిత ఉపాధ్యాయుడు తన తరగతి అవసరం కోసం రూపొందించిన పద్ధతి ఇది. వెబ్‌సైట్ నుంచి నలుపు తెలుపు గడుల బొమ్మలున్న కార్డులను దించుకుని ముద్రించుకోవాలి. ప్రతి కార్డుకు ఒక సంఖ్య ఉంటుంది. దాని నాలుగు అంచుల వెంబడి ఏ, బి, సి, డి అక్షరాలు చిన్నవిగా ఉంటాయి. ప్రశ్నను నల్లబల్లపై రాసిన తరువాత, తాను సరైనదనుకున్న అక్షరం పైకి వచ్చేలా విద్యార్థి కార్డును పట్టుకుంటాడు. ఉపాధ్యాయుడు తన సెల్‌ఫోను కెమెరాను తరగతి ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పితే, ఎవరు ఏ జవాబు ఇచ్చారో తెరపై పేర్లతో సహా నమోదవుతుంది. నలభై మంది ఉన్న తరగతికి రెండు మూడు నిమిషాలు చాలు.

ఒక్కో కార్డుపై గడుల అమరిక ఒక్కో విధంగా ఉంటుంది. కనుక పక్కవాడి కార్డు చూసి తన కార్డును తిప్పుకోవటం అంత సులభం కాదు. అన్నింటికీ మించి, తప్పు చెప్పినవాడు ఎవరో తరగతికి తెలియదు. నవ్వుతారన్న జంకుతో నోరు విప్పని విద్యార్థి కూడా కార్డు ఎత్తుతాడు. నిజానికి ఈ పద్ధతి వల్ల కలిగే పెద్ద ప్రయోజనం ఇదే.

కార్డు సంఖ్యను హాజరు పట్టీలోని క్రమసంఖ్యతో ముడిపెడితే ఒకే కార్డుల కట్టను అన్ని తరగతులకూ వాడుకోవచ్చు. దళసరి కాగితంపై జిరాక్సు తీయించటం మేలు. మన్నిక కోసం మెరిసే ప్లాస్టిక్ పూత వేయిస్తే వెలుతురు ప్రతిఫలించి కెమెరా గుర్తించలేక ఇబ్బంది పడుతుంది. పిల్లల వేళ్లు నల్లగడులను కప్పినా అదే చిక్కు. గదిలో తగినంత వెలుతురు, ఫోనుకు సిగ్నల్ ఉండాలి. ఉచిత ఖాతాలో ప్రశ్నల సంఖ్యకు పరిమితి ఉన్నా, పాఠం చివర అడిగే రెండు మూడు ప్రశ్నలకు అది అడ్డుకాదు.

సిగ్నలే లేని ఊళ్లలో అట్టముక్కలపై అ, ఆ, ఇ, ఈ అని రాయించి ఎత్తిచూపమన్నా సగం పని జరుగుతుంది. ఫోను అదనంగా చేసేది లెక్కించటం, గుర్తుపెట్టుకోవటం మాత్రమే.

కీలకం ప్రశ్నలోనే

ఏ సాధనం వాడినా ప్రశ్న సరిగా లేకపోతే ఫలితం శూన్యం. నాలుగు జవాబుల్లో ఒకటి ఒప్పు, మిగిలిన మూడు ఏవో పూరించినవి అయితే తప్పు చెప్పినవారు ఎందరో తెలుస్తుంది తప్ప ఎందుకు తప్పారో తెలియదు. పిల్లలు సాధారణంగా పొరబడే తీరును గమనించి, ఒక్కో పొరపాటుకు ఒక్కో జవాబు చొప్పున కూర్చాలి.

దశాంశ భిన్నాలనే తీసుకుందాం. ‘0.5, 0.45, 0.405లలో ఏది పెద్దది?’ అన్న ప్రశ్నకు సరైన జవాబు 0.5. 0.405 అన్న విద్యార్థి బిందువు తరువాతి అంకెలను పూర్ణసంఖ్యగా చదువుతున్నాడు. 5, 45ల కంటే 405 పెద్దది కనుక అదే పెద్దదని అతడి లెక్క. 0.45 అన్నవాడు 5 పైసల కన్నా 45 పైసలు ఎక్కువని రూపాయి లెక్కలోకి వెళ్లి ఉండవచ్చు. నాలుగో జవాబుగా ‘నాకు తెలియదు’ అని పెడితే గుడ్డిగా కార్డు ఎత్తటం కొంత తగ్గుతుంది.

చిక్కు ఇక్కడితో తీరదు. బిందువు తరువాత అంకెలు ఎంత తక్కువగా ఉంటే సంఖ్య అంత పెద్దదని నమ్మే పిల్లలు కొందరుంటారు. వందో వంతు కంటే పదో వంతు పెద్దదని విన్నది వారి మనసులో అలా స్థిరపడుతుంది. వారు కూడా 0.5 అనే అంటారు. జవాబు ఒప్పే, ఆలోచన తప్పు. అందుకే ‘0.3, 0.47లలో ఏది పెద్దది?’ అని రెండో ప్రశ్న వేయాలి. ఈసారి వారు 0.3 అని దొరికిపోతారు. మొదటి ప్రశ్నలో 0.405 అన్న విద్యార్థి మాత్రం 3 కంటే 47 పెద్దది కాబట్టి ఇక్కడ 0.47 అని, తప్పుదారిలోనే ఒప్పు జవాబు చేరుకుంటాడు.

మార్కుల పట్టీలో ఈ ఇద్దరికీ రెండింట ఒకటే. చూడబోతే సమానులు, తీరా చూస్తే ఒకరి పొరపాటు మరొకరిదానికి సరిగ్గా విరుద్ధం. 0.5ను 0.500గా రాసి చూపితే మొదటివాడికి విషయం బోధపడవచ్చు. రెండోవాడికి వంద గడుల కాగితంపై 47 గడులకు, మరో కాగితంపై 30 గడులకు రంగు వేయించి పోల్చమనటం మంచిది. ఎవరు ఏ జవాబు ఇచ్చారన్న నమోదు ఉంటేనే ఈ విభజన సాధ్యం. మొత్తం మార్కులు మాత్రమే చూసే ఉపాధ్యాయుడికి ఇది ఎన్నటికీ కనిపించదు.

సామాన్యశాస్త్రంలోనూ ఇదే సూత్రం. విత్తనం మహావృక్షమైనప్పుడు ఆ కలపలోని పదార్థం ప్రధానంగా ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే, కిరణజన్య సంయోగక్రియ నిర్వచనం అప్పజెప్పిన వారిలోనూ పలువురు నేల నుంచి అంటారు. గాలిలోని బొగ్గుపులుసు వాయువు గుర్తుకు రాదు.

గూగుల్ ఫారమ్స్‌లో ఖాళీ జాగా చిక్కు

కంప్యూటర్ గది ఉన్న పాఠశాలలకు, ఇంటి వద్ద ఫోను అందుబాటులో ఉన్న పై తరగతులకు గూగుల్ ఫారమ్స్ ఉపకరిస్తుంది. 2016 నుంచి ఇందులో క్విజ్ సదుపాయం చేరింది. సరైన జవాబులు, మార్కులు ముందే నమోదు చేస్తే దిద్దటం దానంతట అదే జరుగుతుంది. ఎక్కువమంది తప్పిన ప్రశ్నలు వేరుగా కనిపిస్తాయి. తెలుగులో ప్రశ్నలు రాసుకోవచ్చు.

ఒక్క జాగ్రత్త అవసరం. జవాబును టైపు చేసే ప్రశ్నల్లో ఉపాధ్యాయుడు ఇచ్చిన అక్షరాలకు అచ్చుగుద్దినట్లు సరిపోలితేనే మార్కు పడుతుంది. ‘రామాలయం ఏ సంధి?’ అన్నదానికి ‘సవర్ణదీర్ఘ సంధి’ అని ముందే నమోదు చేసి ఉంటే, ‘సవర్ణ దీర్ఘసంధి’ అని రాసిన విద్యార్థికి సున్నా. పదాల మధ్య ఖాళీ జాగా ఒక చోటి నుంచి మరో చోటికి జరిగిందంతే! రాయదగిన రూపాలన్నింటినీ సరైన జవాబులుగా చేర్చటం, లేదా అలాంటి ప్రశ్నలను చేత్తోనే దిద్దుకోవటం తప్ప మార్గం లేదు. వ్యాసరూప జవాబులకు, వ్యాకరణంలో విడదీసి రాసే ప్రశ్నలకు నేటికీ ఎర్ర కలమే దిక్కు.

మార్కులను వెంటనే చూపకుండా ఆపి, ముందు వ్యాఖ్య రాసి పంపే వీలు కూడా ఉంది. దీన్ని వాడుకునేవారు తక్కువ. ఇజ్రాయెల్‌లో రూత్ బట్లర్ నిర్వహించి 1988లో ప్రచురించిన పరిశోధనలో వ్యాఖ్య మాత్రమే అందుకున్న పిల్లలు మెరుగుపడగా, వ్యాఖ్యతో పాటు మార్కు కూడా అందుకున్న పిల్లల్లో ఆ మెరుగు కనిపించలేదు. మార్కు కనపడితే వ్యాఖ్య వెనుకబడిపోతుంది. నార్వేలో 2013లో మొదలైన ‘కహూత్’ వంటి ఆటల పోటీలు తరగతికి హుషారునిస్తాయి. అయితే త్వరగా నొక్కినవారికి ఎక్కువ పాయింట్లు ఇచ్చే పద్ధతి నిదానంగా ఆలోచించే పిల్లలను వెనక్కి నెడుతుంది. వాటిని కొలమానంగా కాక పునశ్చరణకే పరిమితం చేయటం ఉచితం.

పాఠాల అమరిక

పాఠ్య ప్రణాళికలు, బొమ్మలు, అభ్యాస పత్రాలను ఒక్కచోట సర్దుకునేందుకు 2014లో వచ్చిన గూగుల్ క్లాస్‌రూమ్‌ను 2017 నుంచి సొంత ఖాతాతోనూ వాడవచ్చు. యూనిట్ల వారీగా పాఠాలను అమర్చి, మరుసటి ఏడాది అదే పాఠాన్ని కొత్త తరగతికి మళ్లీ వాడుకోవచ్చు. ఉచిత నిల్వ 15 జీబీ వరకు ఉంటుంది. వీడియోలతో నింపితే త్వరలోనే చాలదు.

2017 సెప్టెంబరు 5న నాటి ఉపరాష్ట్రపతి ఎం.వెంకయ్యనాయుడు ప్రారంభించిన కేంద్ర ప్రభుత్వ వేదిక ‘దీక్షా’లో పాఠ్యపుస్తకాల్లోని క్యూఆర్ కోడ్‌లకు అనుబంధంగా వీడియోలు, అభ్యాసాలు ఉన్నాయి. సిగ్నల్ ఉన్నచోట వాటిని ఫోనులోకి దించుకుని తరగతిలో నెట్ లేకుండానే చూపవచ్చు. 2020లో కరోనా కారణంగా బడులు మూతపడినప్పుడు ఫోను లేని ఇళ్ల పిల్లలకు తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ప్రసారాలే పాఠాలు అందించాయి. ఆ ప్రసారాలు పాఠం చెప్పగలిగాయి. విన్నవారికి ఎంత అందిందో కొలవటం వాటి వల్ల అయ్యే పని కాదు.

ఉచితం శాశ్వతం కాదు

2008లో మొదలై ప్రపంచవ్యాప్తంగా ఉపాధ్యాయులు వినియోగించిన ‘ఎడ్‌మోడో’ 2022 సెప్టెంబరు 22న మూతపడింది. గూగుల్ ‘జామ్‌బోర్డ్’ 2024 డిసెంబరు 31తో నిలిచిపోయింది. ఏళ్ల తరబడి కూర్చుకున్న ప్రశ్నలను గడువులోగా దించుకోనివారు వాటిని కోల్పోయారు. డబ్బు తీసుకోని సంస్థను నిలదీసే హక్కు కూడా ఉండదు. పాఠశాల సొంతంగా నడుపుకోగల ‘మూడుల్’ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ 2002 నుంచే ఉంది గానీ, దానికి సర్వరు, నిర్వహించే మనిషి కావాలి. చిన్న పాఠశాలకు అది మోయలేని భారం. ప్రశ్నల నిధిని స్ప్రెడ్‌షీటుగా దించి పెన్‌డ్రైవ్‌లోనూ, ఒక ప్రతిని కాగితంపైనా భద్రపరచటమే సులువైన ఉపాయం.

పిల్లల వివరాల విషయంలో మరింత మెలకువ అవసరం. 13 ఏళ్లు నిండనివారు సొంతంగా గూగుల్ ఖాతా తెరవరాదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లు నిండని వారందరినీ బాలలుగా పరిగణించి, వారి సమాచారం సేకరించేందుకు తల్లిదండ్రుల సమ్మతి కోరుతోంది. దీని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. అమలు దశలవారీగా జరుగుతుంది. ప్లికర్స్ కార్డులకైనా, ఫారమ్స్ క్విజ్‌కైనా పేరు బదులు క్రమసంఖ్య ఇస్తే సరిపోతుంది. ఆధార్, ఫోను నంబరు, పుట్టినతేదీ అడగవలసిన పనే లేదు. ఏ సంఖ్య ఎవరిదన్నది హాజరు పట్టీలో ఉండనే ఉంది; అది బడి బీరువాలోనే ఉంటుంది.