ప్రకృతి వరణం - ఉత్తర సర్కారుల సాక్ష్యం

చార్లెస్ డార్విన్ రచించిన ‘జాతుల పుట్టుక’ 1859 నవంబరు 24న వెలువడింది. దాని మొదటి అధ్యాయంలో, భారతదేశం నుండి పావురాల చర్మాలు పంపిన వాల్టర్ ఇలియట్‌కు డార్విన్ కృతజ్ఞత తెలిపాడు. ఈ ఇలియట్ 1845 నుండి 1854 వరకు ఉత్తర సర్కారుల కమిషనరు. నేటి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు ఆనాడు ఆ సర్కారులలోనివే. ఇక్కడి మొక్కల తెలుగు పేర్లకు శాస్త్రనామాలు జతపరచి అతడు కూర్చిన ‘ఫ్లోరా ఆంధ్రికా’ కూడా 1859లోనే మద్రాసులో అచ్చయింది.

ఇలియట్ మద్రాసు గవర్నరు కౌన్సిలు సభ్యుడుగా ఉండగా, 1856 జనవరిలో డార్విన్ అతనికి జాబు వ్రాసి పెంపుడు పావురాల, కోళ్ళ చర్మాలు కోరాడు. జాతుల పుట్టుకకూ పెంపుడు పక్షులకూ సంబంధమేమిటి?

మన పల్లెలలో పుంజులను డేగ, కాకి, నెమలి అని రంగులనుబట్టి పిలుస్తారు. పెంపకందారు తనకు నచ్చిన పుంజునూ పెట్టనూ ఎంచి, వాటి గుడ్లను పొదిగించి పిల్లలు తీయిస్తాడు. తరతరాలుగా ఇట్లు ఎంచుకొంటూ పోతే రూపం మారుతుంది. పెంపుడు కోళ్ళన్నిటికీ మూలం ఎర్ర అడవికోడి అని డార్విన్ తేల్చాడు. ఆ అడవికోడి తూర్పు కనుమల అడవులలో నేటికీ ఉన్నది. మనిషి చేసే ఈ ఎంపికే కృత్రిమ వరణం.

మరి ప్రకృతిలో ఎంచేదెవరు? పుట్టిన ప్రాణులన్నీ బ్రతకవు. ఆకలి, శత్రువులు, రోగాలు వాటిని వడకడతాయి. పరిసరాలకు తగిన లక్షణం గలవి ఎక్కువగా మిగిలి, ఆ లక్షణాన్ని సంతానానికి అందిస్తాయి. ఇదే ప్రకృతి వరణం. మాల్థస్ జనాభా గ్రంథం చదివిన డార్విన్‌కు 1838లో ఈ ఆలోచన కలిగింది. 1858లో మొలక్కా దీవులలో చలిజ్వరంతో పడియున్న ఆల్ఫ్రెడ్ వాలెస్‌కు అదే ఆలోచన స్వతంత్రంగా తోచింది. ఇద్దరి రచనలనూ ఆ ఏడు జూలై 1న లండన్ లిన్నేయన్ సంఘంలో చదివారు. ఆ సంవత్సరం చెప్పుకోదగిన గొప్ప పరిశోధన ఏదీ రాలేదని ఆ సంఘాధ్యక్షుడు మరుసటి ఏడు అన్నాడు!

గ్రంథం వెలువడిన తరువాత మతవాదులే కాదు, శాస్త్రజ్ఞులూ ఆక్షేపించారు. తల్లిదండ్రుల లక్షణాలు పాలూ నీళ్ళూ వలె కలిసిపోతే, ఒక ప్రాణికి కలిగిన మేలైన మార్పు కొన్ని తరాలకే పలచబడిపోదా అని 1867లో ఫ్లీమింగ్ జెంకిన్ ప్రశ్నించాడు. జన్యువులు కలిసిపోవనీ, విడివిడిగానే సంక్రమిస్తాయనీ చూపిన మెండెల్ పరిశోధన 1866లోనే అచ్చయినా, లోకం దానిని గుర్తించినది 1900లో. ఆ పునాదిపై ప్రకృతి వరణాన్ని గణితంతో నిరూపించినవారిలో జె.బి.ఎస్. హాల్డేన్ ఒకడు. ఆయన 1957లో భారతదేశానికి వచ్చి స్థిరపడి, 1964లో భువనేశ్వర్‌లో మరణించాడు. ఆయన కోరిక ప్రకారం దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు.

కొన్ని రక్తదోషాల జన్యువులు మలేరియా నుండి కాపాడటంవల్లనే నిలిచి ఉన్నవని హాల్డేన్ 1949లో సూచించాడు. కొడవలి కణాల జన్యువు విషయంలో దీనిని 1954లో ఆంటొనీ ఆలిసన్ ఆఫ్రికాలో చూపాడు. ఆ జన్యువు మన మన్యపు గిరిజనులలోనూ కలదు. తల్లిదండ్రులలో ఒకరినుండే అది వస్తే, బిడ్డకు ప్రమాదకరమైన మలేరియా నుండి కొంత రక్షణ కలుగుతుంది. ఇద్దరినుండీ వస్తే ఎర్ర రక్తకణాలు కొడవలివలె వంగి, తీవ్రమైన నొప్పులు, రక్తహీనత కలుగుతాయి. తల్లిదండ్రులిద్దరూ ఆ జన్యువు వాహకులైతే, ప్రతి కానుపులోనూ వ్యాధిగల బిడ్డ పుట్టే అవకాశం నాలుగింట ఒకవంతు.

కాబట్టి ఈ వ్యాధి శాపమూ కాదు, పాపఫలమూ కాదు. మలేరియా విజృంభించిన చోట తరతరాల ప్రకృతి వరణం మిగిల్చిన గుర్తు అది. మలేరియా తగ్గినంతమాత్రాన జన్యువు వెంటనే మాయం కాదు. అందుచేతనే రక్తపరీక్షలు అవసరం. వీటికోసం కేంద్ర ప్రభుత్వం 2023 జూలై 1న జాతీయ కార్యక్రమాన్ని ప్రారంభించింది. సీతంపేట, పార్వతీపురం, సాలూరు ప్రాంతాల పాఠశాలలలో పరిణామ పాఠం చెప్పే ఉపాధ్యాయుడు కోళ్ళగూటితో మొదలుపెట్టి, ఈ రక్తపరీక్షవరకు రావచ్చును. పరీక్షకు వెనుదీసే ఇంటిలో ధైర్యం చెప్పడానికి విద్యార్థికి ఆ పాఠమే చాలు.