పండుగనాడు పరదేశమున మన సిపాయి

ప్రతివర్షమును ఈ సంచికయందు మన వంశముల పూర్వోత్తరములును, విద్యావంతుల వివరములును, దాతల నామావళియు ప్రకటింపబడుచున్నవి. అవి యన్నియు ఉండదగినవే. కాని పండుగపూట ఇంటి జాబు చేతికందక, సముద్రమున కావలి యొడ్డున, పరుల యుద్ధములో గుఱ్ఱమునకు నీరు పట్టుచు దినము గడపిన సామాన్యుని గుఱించి నాలుగు మాటలు వ్రాసినవారు అరుదు. ఆ లోపమును కొంతవఱకైన తీర్పవలెనని ఈ వ్యాసమును మీ యెదుట నుంచుచున్నాము.

తెలుగువానికి సైనికవృత్తి క్రొత్తది కాదు. ఉత్తర హిందూస్థానమున చిరకాలము సిపాయికి 'తిలంగా' యనియే పేరు. కుంపిణీవారు కవాతు నేర్పిన తొలి పదాతులలో తెలుగుదేశపువారు విస్తారముగ నుండుటయే ఆ పేరునకు కారణము. 1824 సంవత్సరమున బర్మాయుద్ధమునకు వెడలవలసివచ్చినపుడు బారకుపూరునందలి బెంగాలు సిపాయిలు తిరుగబడి తుపాకిగుండ్లకు బలియైరి. మద్రాసు సేనవారు ఓడలెక్కి రంగూనున దిగిరి. ఓడ యెక్కినవాడు మరలివచ్చినపుడు వానిని పంక్తిలో కూర్చుండనిచ్చుటకు ప్రాయశ్చిత్త మడిగిన కాల మొకటి యుండెను. అట్టి తీర్పులు చేసినవి కులపంచాయతులే. సభలో నిలిచి గొప్పలు చెప్పుకొనునపుడు ఈ మాటను దాచుట న్యాయము కాదు. ఇంటికి దూరమై పండుగను కోల్పోయినవాడు, ఇంటికి వచ్చిన పిమ్మట కొన్నాళ్లు పండుగకు వెలియై యుండవలసివచ్చెను.

మన నగరమునందలి మిక్కిలి గొప్ప పండుగ యొకటి దూరదేశమందున్న సిపాయి మనోవ్యథనుండియే పుట్టినదని పెద్దలు చెప్పుదురు. 1813 సంవత్సరమున ఇచ్చటి పటాల మొకటి ఉజ్జయినికి పంపబడెను. అదే కాలమున జంటనగరములందు మహమ్మారి చెలరేగి జనము రాలిపోవుచుండెను. పటాలములో డోలీ మోయు సురిటి అప్పయ్య యనునతడు ఉజ్జయిని మహాకాళి సన్నిధిని నిలిచి, తన యూరు బ్రదికినచో అమ్మవారిని అచ్చట ప్రతిష్ఠింతునని మ్రొక్కుకొనెననియు, 1815లో సికింద్రాబాదున ఆ మ్రొక్కు తీర్చెననియు ఐతిహ్యము. ఆషాఢమాసమున అచ్చటి బోనములు ముగిసిన పిమ్మట పాతనగరమున లాల్‌దర్వాజా సింహవాహినికిని, హరిబౌలిలోని అక్కన్న మాదన్న దేవాలయమునకును బోనములు కదలును. తలపై బోన మెత్తుకొని నడచు ఆడుబిడ్డలలో, ఇది మొదట ఒక డోలీ మోయువాని మ్రొక్కు అని తలచువారు ఎందఱు? అతడు సేనాపతి కాడు, సర్దారు కాడు. ఇంటివారి క్షేమమెఱుగక దూరమున నిలిచి తల్లడిల్లిన సేవకుడు.

పాతనగరమున సిపాయికిని పండుగకును గల సంబంధము ఇంతటితో ముగియదు. మొహర్రము నెలలో అయిదవనాడు లంగరు ఊరేగింపు సాగెడిది. కుతుబుషాహీల కాలమున హయాత్‌బక్షీ బేగము తన కుమారుడగు అబ్దుల్లా ఏనుగుబారినుండి బయటపడినందుకు మ్రొక్కు చెల్లించుటతో అది మొదలైనదని ప్రతీతి. ఆసఫుజాహీల పాలనలో అది నిజాముగారి సేనలన్నియు వీథులవెంట నడచు మహోత్సవమయ్యెను. హిందువులును ముసల్మానులును మిద్దెలపైనుండి చూచి యానందించిరి. తరువాతి కాలమున ఆ యాచారము నిలిచిపోయెను. మఱియు పరదేశమునుండి వచ్చి మన నగరమున కొలువు చేసిన సిపాయిలును కలరు. అరేబియా దక్షిణతీరమందలి హద్రమౌతునుండి వచ్చిన అరబ్బులు నిజాము కొలువులో చేరి నివసించిన చోటునకు 'బారకులు' అను మాటనుండియే బార్కస్ అను పేరు నిలిచెను. ఆఫ్రికా రౌతుల దళమునుబట్టి ఏ.సి. గార్డ్స్ అను పేట వెలసెను. 1948 సెప్టెంబరు సైనికచర్య తరువాత ఆ దళములు లేకపోయినను, అరబ్బులు తమ వేడుకలలో వాయించిన మర్ఫా నేడును మన పెండ్లిండ్లలో మ్రోగుచున్నది. తన ఇంటి పండుగకు దూరమైన సిపాయి తన వాద్యమును మన పండుగలో విడిచిపోయెను. మనవారు పరదేశమున నేమి విడిచివచ్చిరో తెలిసికొనుట మన వంతు.

1887లో ఆఱవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను సరిహద్దు రక్షణకై ఆంగ్లప్రభుత్వమునకు అఱువదిలక్షల రూపాయలు ఇత్తునని వ్రాసెను. ఆ జాబు వెనువెంటనే సంస్థానములందు ఇంపీరియలు సర్వీసు దళములను కూర్చు పద్ధతి పుట్టెను. హైదరాబాదు లాన్సర్లు అట్టి రిసాలా. 1914లో మహాసంగ్రామము ప్రారంభము కాగా, మైసూరు మున్నగు సంస్థానముల రౌతులతో కూడి వీరు 15వ అశ్వదళముగ ఏర్పడి, సూయజు కాలువ కావలికి ఈజిప్టు పంపబడిరి. ఇదిగాక, పూర్వపు హైదరాబాదు కంటింజెంటునుండి వచ్చిన 20వ డెక్కన్ హార్సు ఫ్రాన్సుదేశమునకు వెడలెను. 1914 డిసెంబరులో క్రిస్మసు పండుగకు కొలది దినముల ముందు సికింద్రాబాదు అశ్వదళము గుఱ్ఱములు దిగి కందకములలో పోరాడెను. ఆ పండుగకు రాజకుమారి మేరీ పేర సైనికులందఱకు ఇత్తడిపెట్టెలు పంచిరి. మనవారి పెట్టెలలో ఆచారభేదమునుబట్టి కలకండయు, మసాలాదినుసులును ఉండెను. పరుల పండుగలో తన నాలుక రుచిని ఎవరో తలచుకొనిరని సిపాయి సంతసించియుండును. మద్రాసు సాపర్సు కంపెనీలలోని తెలుగువారు, తమిళులు మెసపొటేమియాలో వంతెనలు కట్టిరి, బాటలు వేసిరి.

రౌతు దినచర్య గొప్ప కథలలోనిది కాదు. తెల్లవాఱకముందే లేచుట, గుఱ్ఱమును మాలీసు చేయుట, దాణా పెట్టుట, నీటికై గుఱ్ఱములను వరుసగా నడపుట, జీను తోళ్లకు నూనె పట్టించుట, రాత్రి వంతుల కావలి: ఇవియే దినమెల్లను. ఎడారిలో నీరు ఒంటెలపై తొట్లలో వచ్చెడిది. పిమ్మట రైలుబాటవెంట గొట్టములద్వారా నైలునది నీరు సీనాయి దాటి పోయెను. రేషనులో గోధుమపిండి, పప్పు, నెయ్యి, బెల్లము ముఖ్యములు. అన్నము తినుటకు అలవాటుపడినవానికి నెలలతరబడి రొట్టెయే గతి. ఒక్కొక్క మతమువారికి వేఱువేఱు వంటపాత్రలు, వేఱువేఱు పొయ్యిలు. రౌతు వెంట సయీసు, నాలుబందు, భిస్తీ, వంటవాడు, చాకలి నడచిరి. చరిత్రలో రౌతు పేరైన దళముపేరుగా నిలిచినది. వెంట నడచినవాని పేరు అదియు లేక మాసిపోయినది. వ్రాయనేర్వనివారు జాబు వ్రాయించుకొనుటకు సహచరుని బతిమాలుకొనవలెను. ఫ్రాన్సునుండి పోవు జాబులను పరిశీలించుటకు ప్రత్యేకాధికారి యొకడు నియమింపబడి యుండెను. కావున భార్యకు వ్రాయు మాట మొదట తోటివాడు, పిమ్మట దొర, అటుపై ఊరిలో చదివి వినిపించువాడు తెలిసికొన్న తరువాతనే ఆమె చెవి సోకెను.

ఇప్పుడు 1918వ సంవత్సరపు పండుగల మాట చెప్పుదము. ఆ రిసాలాలో ఎక్కువమంది దక్కనీ ముసల్మానులు. ఆ యేడు రంజాను నెల జూను, జూలైల నడుమ వచ్చెను. వీరి అశ్వదళమున్నది జోర్డాను లోయలో. అది సముద్రమట్టమునకు వేయి అడుగులకు మించి దిగువనుండు పల్లము. మిక్కుటమగు ఎండ, దుమ్ము, దోమలు, మలేరియా. అట్టిచోట దినమెల్ల గ్రుక్కెడు నీరు లేక ఉపవాసము పాటించినవాని నిష్ఠ యెట్టిదో ఊహించుకొనవలసినదే. సెప్టెంబరు 16వ తేదీ ప్రాంతమున బక్రీదు వచ్చెను. అప్పటికి అశ్వసేనలను జాఫాచెంతనున్న నారింజతోటలలో దాచి, లోయలో గుఱ్ఱములు ఇంకను నున్నట్లు తురుష్కులను భ్రమింపజేయుటకై గుడ్డతో చేసిన బొమ్మగుఱ్ఱములను నిలిపిరి. తోటలలోని వారు పగలు పొయ్యి రాజేయరాదు. పొగ పైకి లేచినచో శత్రువు విమానము కనిపెట్టును. బక్రీదునాడు పొయ్యిపొగ లేని బిడారము హైదరాబాదీ యెన్నడైన చూచియుండునా? మూడుదినములైన పిమ్మట, సెప్టెంబరు 19న, యుద్ధము మొదలయ్యెను.

సెప్టెంబరు 23న 15వ అశ్వదళము హైఫా పట్టణమును జయించెను. ఆనాటి దాడిలో ముఖ్యముగ జోధపూరు, మైసూరు రౌతులు ముందు నడచిరి; జోధపూరు సేనాని మేజరు దల్పత్ సింహుడు మడిసెను. పరుల కీర్తిని మనది యనుకొనుట మా యభిమతము కాదు. అయినను ఆ దళమంతటికిని గుఱుతుగ ఢిల్లీనగరమున 1922లో నిర్మింపబడిన మూడు విగ్రహములలో ఒకటి హైదరాబాదు రౌతునకు ప్రతీక. ఆ కూడలికి 2018లో తీన్‌మూర్తి హైఫా చౌక్ అని పేరు పెట్టిరి.

ఆ యక్టోబరు నెల నడుమ ఒక విశేషము జరిగెను. చంద్రమానమును అనుసరించు రెండు పంచాంగములు కలిసివచ్చి, విజయదశమియు, మొహర్రము పదియవనాడును రెండుమూడు దినముల యెడముతో వచ్చెను. మన పాతనగరమున అట్టి యేడు జమ్మియాకు పంచుకొనువారును, దబీర్‌పురాలోని బీబీకా అలావానుండి ఏనుగుపై వెడలు అలమును చూడబోవువారును ఒకే వీథిలో ఎదురుపడుదురు. అదే వారమున వీరున్న అశ్విక డివిజను సిరియాలో హోమ్సు పట్టణము చేరెను. అచ్చట జమ్మిచెట్టును లేదు, అలమును లేదు. ఆయుధపూజ చేయవలసినవానికి ఆయుధము దినదినమును చేతనే యుండెను. 'బంగార'మని ఆకు చేతబెట్టి కాళ్లకు మ్రొక్కుటకు పెద్దలు దగ్గఱలేరు. తోటి ముసల్మానునకు మఱియొక వ్యథ కలదు. ఎదుటిపక్షమున ఉన్నది ఖలీఫా సేన. ఆంగ్లేయులకు తోడుపడుడని 1914లోనే ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను ముసల్మానులకు ప్రకటన చేసియుండెను. ప్రభువు ఆజ్ఞ యొకవంక, మనసు మఱియొకవంక. పదుమూడేండ్లకు, 1931లో, అదే ఖలీఫా వంశపు కన్య దుర్రుషెహ్వార్ నిజాము పెద్దకుమారునకు భార్యయై మన నగరమునకు వచ్చెను. ఆ పెండ్లిదీపములు వెలిగినపుడు, తురుష్కులతో పోరాడి వచ్చిన ముసలిరౌతు ఏమని తలచియుండునో!

అంతకన్న దుఃఖకరమైన సంగతి వేఱొకటి. డమాస్కసు పట్టుబడిన పిమ్మట ఆ యక్టోబరులో అశ్వసేనను మలేరియాయు, ఇన్‌ఫ్లుయెంజాయు కలిసి కూలద్రోసెను. శత్రువు గుండుకన్న జ్వరమువలన పడకనెక్కినవారు మిక్కిలి యెక్కువ. సరిగా ఆ నెలలోనే ఇక్కడ దక్కనులో అదే ఇన్‌ఫ్లుయెంజా ఇల్లిల్లు తిరిగెను. బతుకమ్మను పేర్చవలసిన యిండ్లలో మంచము పట్టినవారికి గంజికాచి పోయువారు కఱవైరి. 1813లో ఉజ్జయినినుండి తన యూరిని తలచి భయపడిన అప్పయ్య స్థితియే నూఱేండ్లు దాటిన పిమ్మట మరల వచ్చెను. ఈ పర్యాయము జ్వరము రెండుదిక్కులను ఉండెను. కాని అక్కడి వార్త ఇక్కడికిని, ఇక్కడి వార్త అక్కడికిని వారములు గడచినగాని చేరదు. క్షేమమని వ్రాసిన జాబు వచ్చునప్పటికి వ్రాసినవాడు క్షేమముగ నుండకపోవచ్చును. అక్టోబరు 31న తురుష్కులతో పోరు నిలిచెను. మఱి మూడునాలుగు దినములకే దీపావళి. ఆ యమావాస్యనాడు ఏ యింట దీపము వెలిగెనో, ఏ యింట వెలుగలేదో, ఎడారిలోనివానికి తెలియదు.

రెండవ మహాయుద్ధమునను ఇదే గతి. 1941 డిసెంబరు 8వ తేదీ అర్ధరాత్రి దాటగనే మలయాలోని కోటాబారు తీరమున జపానువారు దిగినపుడు అచ్చటి విమానాశ్రయమును కావలి కాయుచుండినది నిజాము సంస్థానపు 1వ హైదరాబాదు పదాతిదళము. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు పడిపోగా వేలకొలది భారతసిపాయిలు బందీలైరి. అటుపై మూడేండ్లకు మించి, ఎన్ని పండుగలు వచ్చెనో అన్నియు బందీగృహములోనే గడచినవారు కలరు. అచ్చటినుండి జాబు రాకయే ఎందఱో తల్లులు ముసలివారైరి.

ఈజిప్టు, పాలస్తీనాలలో మడిసిన సుమారు 4,000 భారతసైనికులకు సూయజుచెంత పోర్టు ట్యూఫికున 1926లో స్మారకము కట్టిరి. అది తరువాతి యుద్ధములలో శిథిలము కాగా 1980లో హీలియోపొలిసున మఱియొకటి నిలిపి వారి పేరులు చెక్కిరి. పరదేశమువారు ఆ మాత్రము చేసిరి. మన మేమి చేసితిమి? మా విన్నప మొకటే. ఆ మొదటి యుద్ధమున ఇచ్చిన పతకముల అంచున సైనికుని సంఖ్యయు, పేరును, దళమును చెక్కబడియుండును. వెంట నడచిన సేవకులకు వెండికి బదులు కంచుపతకము లిచ్చిరి. అవియు ఇండ్లలో పాతసామానుతో కలిసి పడియుండవచ్చును. కరగించుటకు ఇయ్యక మునుపు అంచును ఒక్కసారి దీపమువద్ద త్రిప్పి చూడుడు. పాత జాబులు, పింఛను కాగితములు ఉన్నచో సంఘ కార్యాలయమునకు తెలుపుడు. రౌతు, సయీసు, వంటవాడు, డోలీ మోయువాడు అను భేదము లేక ఆ పేరులన్నియు వచ్చు సంవత్సరపు సంచికలో దాతల నామావళికి ముందు అచ్చువేయవలెనని కార్యవర్గమును ప్రార్థించుచున్నాము.

రాబోవు దసరానాడు జమ్మియాకు పంచుకొనునపుడు, ఆనాడు ఆకు అందుకొనలేకపోయిన వారిని ఒక్క నిమిషము తలచుకొందము.