వీధి బడి: తెలుగునాట పిల్లలు పిల్లలకు నేర్పిన చదువు

పంతొమ్మిదో శతాబ్ది మధ్యభాగం వరకు తెలుగునాట సామాన్య గృహస్థుల పిల్లలకు అక్షరాలు నేర్పింది ప్రధానంగా వీధి బడి. ఇంటి ముందరి అరుగు మీదనో, గుడి మంటపంలోనో, చెట్టు నీడనో ఒక అయ్యవారు పదీ పదిహేనుమంది పిల్లలను కూర్చోబెట్టుకొని నడిపే ఈ బడికి సొంత భవనం గాని, ప్రభుత్వపు జీతం గాని, అచ్చు పుస్తకం గాని ఉండేవి కావు. ఇన్ని లేకపోయినా అది తరాల తరబడి నిలిచిందంటే అందుకు రెండు ఆధారాలు కనిపిస్తాయి. ముందు నేర్చుకొన్న పిల్లవాడు వెనుక వచ్చిన పిల్లవాడికి నేర్పడం మొదటిది. అయ్యవారి పోషణ భారాన్ని తల్లిదండ్రులూ ఊరివారూ తలా కొంత మోయడం రెండవది.

ఈ బడుల లోపలి నడవడిని గురించి మనకు దక్కిన అత్యంత వివరమైన సాక్ష్యం బళ్లారి జిల్లా కలెక్టరు అలెగ్జాండర్ డంకన్ క్యాంప్‌బెల్ 1823 ఆగస్టు 17న మద్రాసు రెవెన్యూ బోర్డుకు పంపిన నివేదిక. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822 జూన్‌లో, దేశంలో పాఠశాలలు ఎన్ని ఉన్నాయి, వాటిలో ఎవరు చదువుతున్నారు అని జిల్లా కలెక్టర్లందరినీ విచారించగా, చాలామంది లెక్కల పట్టికలతో సరిపెట్టారు; 1816లో తెలుగు వ్యాకరణాన్నీ, తర్వాత నిఘంటువునూ ప్రకటించి తెలుగు భాషతో సన్నిహిత పరిచయం గల క్యాంప్‌బెల్ మాత్రం పిల్లవాడు బడిలో అడుగుపెట్టింది మొదలు చదువు ముగించేదాకా ఏం జరుగుతుందో వరుసగా రాశాడు. ఆయన లెక్క ప్రకారం ఆ జిల్లాలో 533 బడులు, వాటిలో 6,641 మంది విద్యార్థులు, అంటే సగటున బడికి పన్నెండు పదముగ్గురు. వాటిలో 235 కన్నడం, 226 తెలుగు నేర్పే బడులు కాగా, తక్కినవి మరాఠీ, పారసీ, సంస్కృతం, తమిళం నేర్పేవి. ఇంగ్లీషు బడి ఒక్కటంటే ఒక్కటే.

అయిదో ఏట పిల్లవాడిని బడిలో వేసేవారు. ఆనాడు బంధుమిత్రుల సమక్షంలో గణపతికి పూజ చేసి, అయ్యవారు పిల్లవాడి చేయి పట్టుకొని బియ్యంలో అక్షరాలు దిద్దించేవాడు. ఇదే నేటికీ మిగిలి ఉన్న అక్షరాభ్యాసం. మరునాటినుంచి ఉదయం ఆరు గంటలకే బడి. అందరికన్నా ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో గౌరవసూచకంగా సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడి చేతిలో సున్న చుట్టేవారు, అంటే అతడికి మెప్పూ లేదు, తప్పూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆపైన వచ్చేవారికి ఒక్కొక్కటి చొప్పున పెరిగేవి. శిక్షలు ఇంతటితో ఆగలేదన్నది కూడా దాచరాని నిజం. చేతులను తాడుతో కట్టి దూలానికి వేలాడదీసే కోదండం, లేస్తూ కూర్చుంటూ అలసిపోయేదాకా తీయించే గుంజిళ్లు ఆ నివేదికలో స్పష్టంగా కనిపిస్తాయి.

చదువులో ప్రగతిని కొలిచే పద్ధతి ఈ బడులకు ప్రత్యేకం. పిల్లలు వయసును బట్టి కాక, నేర్చినదాన్ని బట్టి సాధారణంగా నాలుగు వరుసలుగా కూర్చునేవారు. కింది వరుసలవారిని పై వరుసల పిల్లలు చూసుకొనేవారు, పై వరుసలవారికి అయ్యవారు స్వయంగా పాఠం చెబుతూనే బడి మొత్తం మీద ఒక కన్ను వేసి ఉంచేవాడు. కొత్తగా వచ్చినవాడు ముందుగా ఇసుకలో వేలితో అక్షరం రాసి, ఆ తర్వాతే దాన్ని పలకడం నేర్చేవాడు. కంటికన్నా ముందు చేతికి అక్షరం పట్టుబడాలన్న ఈ క్రమం ఆలోచన లేకుండా పుట్టింది కాదు. ఇసుక రాత కుదిరాక గంటం పట్టి తాటాకు మీదకో, బలపం పట్టి పలక మీదకో మారేవాడు. ఆనాటి పలక రాతిది కాదు. చదునుచేసిన చెక్కకు అన్నమూ బొగ్గుపొడీ కలిపి పూసి ఆరబెట్టినది. గంజి పెట్టిన బట్టను పుస్తకంలా మడతలు పెట్టి, బొగ్గుపొడి, జిగురు కలిపి పూసి నల్లబరచినది కడితం. రెండింటి మీదా రాతను తడిగుడ్డతో తుడిచి మళ్లీ రాసుకోవచ్చు గనుక, కుటుంబం మీద రాతసామగ్రి ఖర్చు పడేది కాదు.

గుణింతాలు, ఒత్తులు వచ్చాక మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు రాయించేవారు. తర్వాత ఎక్కాలు, కూడికలు, తీసివేతలు, రూపాయి భాగాలు, ధాన్యపు కొలతలు. వీసం, అంటే పదహారో వంతు, దానితో కట్టే లెక్కలు నోటికి రానివాడు సంతలో నెగ్గుకురాలేడు. పై వరుసకు చేరినవాడు ఉత్తరాలు, ఒప్పంద పత్రాలు, అర్జీలు రాయడం, ఇతరుల చేతిరాతను చదవడం నేర్చేవాడు. రామాయణ, భారత, భాగవత భాగాలతోపాటు ఆంధ్రనామసంగ్రహం వంటి పద్య నిఘంటువులు కంఠస్థం కావలసినవి. ప్రతి మెట్టూ ఎక్కినవాడు తన కింది మెట్టున ఉన్నవాడికి చెప్పవలసినవాడే కాబట్టి, నిన్న నేర్చింది నేడు మరచిపోయే వీలు తక్కువ. ముందున్న విద్యార్థులు వెనకవారికి నేర్పుతూ తమ చదువును గట్టిపరచుకొనే ఈ విధానం ప్రశంసనీయమనీ, ఇంగ్లండులో దాన్ని అనుకరించడం సమంజసమేననీ క్యాంప్‌బెల్ అభిప్రాయపడ్డాడు.

ఇంగ్లండులో అనుకరణ అన్న మాట ఉత్త మెచ్చుకోలు కాదు. 1787లో మద్రాసు చేరిన ఆండ్రూ బెల్ అనే మతాధికారి, 1789లో ఎగ్మూరులోని సైనికుల అనాథ బాలుర ఆశ్రమానికి పర్యవేక్షకుడై, అక్కడికి చేరువలో తమిళ పిల్లలు ఇసుకలో రాయడం చూశాడు. ఆ పద్ధతిని తన బడిలో ప్రవేశపెట్టమంటే ఉపాధ్యాయులు ఇష్టపడలేదు. అప్పుడు ఎనిమిదేళ్ల జాన్ ఫ్రిస్కెన్ అనే విద్యార్థికి చిన్నపిల్లల తరగతి అప్పగించాడు. ప్రయోగం ఫలించింది. 1797లో బెల్ దాన్ని లండనులో గ్రంథంగా ప్రకటించిన తర్వాత, ‘మద్రాసు పద్ధతి’ పేరిట అది ఇంగ్లండులోని వేలాది పేదపిల్లల బడులకు పాకింది. దక్షిణ భారతపు అరుగుల మీద పేరులేని అయ్యవార్లు ఎంతకాలంగానో నడిపిస్తున్న పద్ధతికి కీర్తి మాత్రం మరొకరికి దక్కింది.

ఇక పోషణ సంగతి. అయ్యవారికి పిల్లల ఇళ్లనుంచి నెలకు ఇంతని అందే చిన్న రుసుముతోపాటు, పండుగలకు ధాన్యం, బట్టలు, స్వయంపాకం ముట్టేవి. స్వయంపాకమంటే వండుకోవడానికి వీలుగా ఇచ్చే బియ్యం, పప్పు, కూరగాయలు. దసరా నవరాత్రులలో రంగు కాగితాలు అతికిన విల్లంబులు పట్టిన పిల్లలను వెంటబెట్టుకొని అయ్యవారు ఇంటింటికీ వెళ్లడం, పిల్లలు పద్యాలు పాడడం, గృహస్థులు పంతులకు డబ్బో బట్టలో, పిల్లలకు పప్పుబెల్లాలో ఇవ్వడం ఇరవయ్యో శతాబ్దిలోనూ చాలాకాలం సాగిన ఆచారం. పిల్లల చదువు ఎంతవరకు వచ్చిందో ఊరు చెవులారా వినే అవకాశం కూడా ఏడాదికొకసారి అలా కలిగేది. ఎంతచేసినా అయ్యవారి బతుకు పేదదే. ఉపాధ్యాయుల సంపాదన నెలకు ఆరేడు రూపాయలకు మించడం అరుదని మన్రో 1826 మార్చి 10 నాటి తన లేఖనంలో గుర్తించాడు. కలెక్టరేటు బడి ఉపాధ్యాయుడికి 15 రూపాయలు, తహశీలు బడి ఉపాధ్యాయుడికి 9 రూపాయలు జీతమిచ్చి కొత్త బడులు పెట్టాలని ఆయన ప్రతిపాదించాడు గాని, 1827లో పత్తికొండలో కలరాతో మరణించాడు. ఆ ప్రతిపాదన మేరకు వెలసిన తహశీలు బడులు సరైన పోషణ లేక 1836లో రద్దయ్యాయి.

వీధి బడిని స్వర్ణయుగపు చిహ్నంగా చూపే ధోరణి పరిశోధకుడు ధర్మపాల్ 1983లో ఈ నివేదికలను గ్రంథంగా ప్రకటించిన తర్వాత బలపడింది. ఆ పత్రాలను వెలికితీసిన ఆయన శ్రమ గొప్పది. అయితే ఆ పత్రాలే మరో సంగతీ చెబుతాయి. బళ్లారి జిల్లా విద్యార్థులు 6,641 మందిలో బాలికలు 60 మంది. అస్పృశ్యులుగా నెట్టివేయబడిన కులాల పిల్లలకు ఊరి నడిమి అరుగు దాదాపుగా మూసిన తలుపే. కంఠస్థం చేసిన కావ్యభాషకు అర్థం విద్యార్థికే కాదు, చాలాచోట్ల అయ్యవారికీ తెలియదని క్యాంప్‌బెల్ నిర్మొహమాటంగా రాశాడు. వీధి బడి పద్ధతి మేలైనదే. దాని గడప ఇరుకైనది. ఆ గడప దాటలేనివారికోసం వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల స్థాపించడం, ఆ తర్వాత భాగ్యరెడ్డివర్మ హైదరాబాదులో ఆది హిందూ పిల్లలకు బడులు తెరవడం ఈ చరిత్రకు విడదీయరాని రెండో సగం.

ఊరి ఆసరాకు చివరి పెద్ద ఉదాహరణ గోదావరి జిల్లాలో కనిపిస్తుంది. 1850లలో సబ్‌కలెక్టరు టేలరు ప్రోత్సాహంతో నరసాపురం ప్రాంతపు రైతులు తమ మీద తామే ఒక పన్ను వేసుకొని బడులు నడిపారు; ఇటువంటి పన్నుకు చట్టబద్ధత కల్పించడానికే 1863లో మద్రాసు విద్యా చట్టం వచ్చింది. అయితే అదే దశాబ్దం చివర, పరీక్షాధికారి వచ్చిన రోజున ఎంతమంది ఉత్తీర్ణులైతే అంత సొమ్ము చెల్లించే ఫలితాల గ్రాంటు పద్ధతి వీధి బడులకూ విస్తరించింది. సర్కారు సొమ్ము అయ్యవారికి ఆదరువైన మాట నిజమే గాని, పిల్లవాడి ప్రగతిని రోజూ తోటి పిల్లవాడి పక్కన కొలిచే చోట ఏడాదికొక్క పరీక్షదినం వచ్చి కూర్చుంది. గ్రాంటు తేలేని మందబుద్ధి పిల్లవాడు బడికి భారమయ్యాడు. 1904 నాటి విద్యావిధాన తీర్మానంలో భారత ప్రభుత్వమే ఈ పద్ధతిని తప్పుపట్టింది. అప్పటికే వీధి బడులలో అనేకం గ్రాంటు బడులుగా రూపు మార్చుకొన్నాయి, ఎన్నో మూతపడ్డాయి.

ఈ బడులను గురించి మనం చెప్పుకొనేదంతా చాలామట్టుకు దొరల కాగితాల మీద ఆధారపడినదే. అయ్యవార్ల సొంత రాతలు అరుదు. పాత ఇళ్ల అటకల మీద ఎక్కాల తాటాకులు, కడితాలు, దసరా పద్యాల చేతిరాత పుస్తకాలు దొరికినవారు వాటిని చెదలపాలు కానీయక నకలు తీయించి, హైదరాబాదు, తిరుపతి ప్రాచ్యలిఖిత గ్రంథాలయాలకు గాని, దగ్గరలోని విశ్వవిద్యాలయానికి గాని అందజేయాలి.