యుద్ధం మిగిల్చిన మనిషి: తిక్కన నుంచి తిలక్ దాకా

వానలు ముఖం చాటేసిన ఏడాది ఊళ్లలో విరాటపర్వం చదివించడం తెలుగువాళ్ల పాత ఆచారం. వాన కోసం విన్న ఆ పర్వంలోనే ఒక కుర్ర సైనికుడి భయం కూడా ఉంది. అంతఃపురంలో ఆడవాళ్ల మధ్య గొప్పలు పోయిన ఉత్తరకుమారుడు కౌరవసేనను కళ్లారా చూడగానే రథం దిగి పరుగు తీస్తాడు. బృహన్నల వేషంలో ఉన్న అర్జునుడు వెంటపడి పట్టుకొస్తాడు. మనం ఆ ఘట్టానికి నవ్వుకుంటాం. ఆ ఉత్తరుడే కురుక్షేత్రంలో మొదటి రోజే శల్యుడి చేతిలో చనిపోతాడన్నది గుర్తు పెట్టుకునేవాళ్లు తక్కువ. సైనికుణ్ణి తెలుగు సాహిత్యం ఎలా చూసిందన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే మొదలవుతుంది. పోరాడినవాణ్ణి పొగిడాం, పారిపోయినవాణ్ణి చూసి నవ్వాం, లోపల నలిగిపోయినవాడి దగ్గర మాత్రం ఎక్కువసేపు ఆగలేదు.

ఆ పర్వంలోనే ఇంకో సంగతి ఉంది. యుద్ధానికి బయలుదేరే బృహన్నలను ఉత్తరుడి చెల్లెలు ఉత్తర ఒక కోరిక కోరుతుంది: కౌరవ వీరుల వస్త్రాలు తెచ్చిపెట్టమని, బొమ్మలకు కట్టుకుంటానని. సమ్మోహనాస్త్రానికి సొమ్మసిల్లి పడిపోయిన యోధుల ఒంటిమీది బట్టలు అలా ఆమె ఆటకు చేరతాయి. కోనసీమలో చీరల నేతకు పేరుపడ్డ మా బండారులంకలో ఒక్క బట్ట వెనక ఇంటిల్లిపాది కష్టం ఎంతుంటుందో వేరే చెప్పక్కర్లేదు. అలాంటి చోట ఈ కథ వింటే ఆ కోరిక వట్టి చిన్నపిల్ల ముచ్చటగా అనిపించదు. యుద్ధమంటే బొమ్మలకు గుడ్డలు తెచ్చే ఆట అనుకున్న ఆ పిల్ల అభిమన్యుడికి భార్య అవుతుంది. స్త్రీపర్వంలో అతని శవం మీద పడి ఏడుస్తూ గాంధారి కంటబడుతుంది. అన్ననీ, భర్తనీ ఒకే యుద్ధం మింగేసింది.

పదమూడో శతాబ్దంలో ఈ పర్వాలను తెలుగు చేసిన తిక్కన నెల్లూరు మనుమసిద్ధి కొలువులో మంత్రి. రాజు సింహాసనం పోగొట్టుకుంటే సాయం కోసం ఓరుగల్లు గణపతిదేవుడి దగ్గరికి వెళ్లాడని ప్రతీతి. యుద్ధం ఎలాంటిదో ఆయనకు పుస్తకాల్లోనే కాదు, ఎదురుగానూ తెలుసు. సౌప్తికపర్వంలో అశ్వత్థామను చూడండి. తండ్రిని మోసంతో చంపారన్న మంటతో అతనికి నిద్ర పట్టదు. మర్రిచెట్టు మీద నిద్రపోతున్న కాకులను గుడ్లగూబ చంపడం చూసి, తానూ నిద్రలో ఉన్న శిబిరం మీద పడతాడు. చివరికి అతనికి దక్కిన శిక్ష చావు కాదు. మానని గాయాలతో వేల ఏళ్లు ఒంటరిగా తిరగడం. గెలిచినవాళ్ల గతీ మెరుగ్గా లేదు. తర్పణాలు వదిలే వేళ కర్ణుడు తన అన్న అని తెలిసిన ధర్మరాజు రాజ్యమే వద్దంటాడు. తమ్ముళ్లు, ద్రౌపది, వ్యాసుడు, కృష్ణుడు వంతులవారీగా నచ్చజెప్పాల్సి వస్తుంది. యుద్ధం ముగిశాక సైనికుడి మనసులో మొదలయ్యే రెండో యుద్ధాన్ని తెలుగు ఇంత లోతుగా మళ్లీ చాలాకాలం పట్టించుకోలేదు.

వీరగాథలు వచ్చేసరికి పరువు ముందుకొచ్చింది. పన్నెండో శతాబ్దం చివర కారంపూడిలో జరిగిన పల్నాటి యుద్ధాన్ని శ్రీనాథుడి పేరిట ఉన్న ద్విపద చెబుతుంది. కారంపూడి వీరుల గుడి దగ్గర ఏటా కార్తీకంలో ఆ వీరుల ఆయుధాలకు ఇప్పటికీ పూజ జరుగుతుంది. ఆ కథలో బాలచంద్రుడి శౌర్యం అందరికీ తెలుసు. స్నేహితుడు అనపోతు సంగతి అంతగా తెలియదు. తనను యుద్ధానికి దూరంగా పంపేశారని తెలిసి అతను ప్రాణం తీసుకుంటాడు. తోటివాళ్లు చచ్చిపోతుంటే తాను బతికి ఉండటం ఎంత భారమో ఆ ఒక్క చావు చెబుతుంది.

మనుమసిద్ధి సేనాని ఖడ్గతిక్కన మీది చాటువులు ఇంకా కఠినం. కాటమరాజుతో పోరులో వెనుదిరిగి వచ్చిన అతనికి భార్య ఆడవాళ్లకు పెట్టినట్టు మంచం చాటున నీళ్లూ పసుపూ పెడుతుంది. తల్లి కూడా ఎత్తిపొడుస్తుంది. అతను తిరిగి వెళ్లి చనిపోతాడు. అలసి ఇంటికొచ్చిన మనిషికి ఇల్లే మళ్లీ రణరంగమైంది. దీన్ని మనం తరతరాలుగా పౌరుషానికి పాఠంగా చెప్పుకున్నాం. 1757 బొబ్బిలి యుద్ధాన్నీ అలాగే పాడుకున్నాం. కోటలో ఆడవాళ్లనూ పిల్లలనూ తమ చేతులతోనే చంపుకున్నాక ఆ మగవాళ్లు చివరి గంటలు ఎలా గడిపారన్న దగ్గర కథ ఆగకుండా తాండ్ర పాపారాయుడి ప్రతీకారం వైపు సాగిపోతుంది.

ఇక ప్రపంచ యుద్ధాలు. మొదటి యుద్ధంలో 13 లక్షల మందికి పైగా భారతీయులు పనిచేస్తే సుమారు 74,000 మంది తిరిగి రాలేదు. రెండో యుద్ధంలో సైన్యం 25 లక్షలు దాటింది, దాదాపు 87,000 మంది పోయారు. వాళ్లలో తెలుగువాళ్లున్నారు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరానికి మిలిటరీ మాధవరం అనే పేరు ఊరికే రాలేదు. హిందీలో చంద్రధర్ శర్మ గులేరీ 1915లోనే ఫ్రాన్సు కందకాల్లోని సిక్కు జవాను మీద ‘ఉస్‌నే కహా థా’ రాశాడు. అదే ఏడాది చార్లెస్ మయర్స్ అనే వైద్యుడు ‘షెల్ షాక్’ మీద లాన్సెట్ పత్రికలో రాశాడు. 1929లో జర్మన్ రచయిత రెమార్క్ నవల ప్రపంచాన్ని కదిలించింది. తెలుగులో అంతటి సైనిక నవల నిలబడలేదు. కారణాలు ఊహించడం కష్టం కాదు. పటాలంలో చేరింది ఎక్కువగా పొట్టకూటి కోసం వెళ్లిన పల్లెజనం, కలం పట్టింది మరో వర్గం. స్వాతంత్ర్య పోరాటం నడుస్తుంటే తెల్లవాడి యూనిఫారం వేసుకున్న మనిషిమీద జాలిపడటం రచయితలకు ఇబ్బందే. సిపాయిలు ఇంటికి రాసిన ఉత్తరాలను సెన్సారు జల్లెడ పట్టింది.

యుద్ధం మాత్రం గుమ్మం దాకా వచ్చింది. 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద జపాన్ బాంబులు పడ్డాయి. ఆ తరం కవుల్లో శ్రీశ్రీ ‘దేశచరిత్రలు’లో రాజుల యుద్ధాలే చరిత్ర అనే పద్ధతిని నిలదీశాడు. వీరగాథ పునాదినే కదిలించిన ప్రశ్న అది. ఆ కవిత ఉన్న ‘మహాప్రస్థానం’ 1950లో పుస్తకంగా వచ్చింది. అయితే శ్రీశ్రీ చూపు జనసమూహం మీద ఉంది. ఒక్క సైనికుడి గుండె దగ్గర చెవి పెట్టింది గోదావరికి ఆవలి ఒడ్డునుంచి మనకు పొరుగువాడే అయిన తణుకు కవి దేవరకొండ బాలగంగాధర తిలక్.

ఆయన ‘సైనికుడి ఉత్తరం’ కవిత ఉత్తరం రూపంలోనే సాగుతుంది. అర్ధరాత్రి వేళ యుద్ధరంగం నుంచి ఒక జవాను ఇంటిదగ్గరున్న భార్యకు రాస్తాడు. అందరి ఉత్తరాల్లాగే క్షేమసమాచారంతో మొదలుపెట్టి ముసలి తల్లిని, పసిపాపను తలుచుకుంటాడు. తనకు భయంగా ఉందని ఒప్పుకుంటాడు. ఉత్తరుడి భయానికి నవ్విన తెలుగు, ఖడ్గతిక్కన అలసటను ఎత్తిపొడిచిన తెలుగు, ఈ కవితలో తొలిసారి కాకపోయినా అతి సూటిగా సైనికుడి నోటితోనే అతని భయాన్ని వింది. వెక్కిరించేవాళ్లు లేరు, జెండా లేదు. ఎదుట ఉన్నది ఆ మాట విని అర్థం చేసుకోగల భార్య ఒక్కతే. తిలక్ 1966లో కన్నుమూశాక ‘అమృతం కురిసిన రాత్రి’ సంపుటి వచ్చింది, 1971లో దానికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.

ఆ తరువాత అర్ధశతాబ్దంలో తెలుగు జవాను సరిహద్దుల్లో ఎన్నో యుద్ధాలు చూశాడు. యుద్ధానంతర మానసిక వ్యాధికి అమెరికా వైద్యులు 1980లో అధికారిక గుర్తింపు ఇచ్చారు. 2015లో క్రిష్ ‘కంచె’ సినిమా రెండో ప్రపంచ యుద్ధంలోని తెలుగు సైనికుణ్ణి తెరమీదికి తెచ్చింది. అయినా సెలవు మీద ఇంటికొచ్చి నిద్రపట్టక అరుగుమీద కూర్చునే మనిషికి మన కథల్లో దక్కిన చోటు చాలా తక్కువ. పడిపోయినవాడికి విగ్రహం పెట్టాం, అతని భార్య కన్నీటికి పద్యం రాశాం, బతికొచ్చినవాడి మౌనానికి మాట ఇవ్వలేదు. ఇది మన సాహిత్యం తీర్చాల్సిన బాకీ.

తీర్చే మార్గం మన చేతుల్లోనే ఉంది. బండారులంక కావచ్చు, అమలాపురం, రాజోలు, కొత్తపేట పక్క పల్లెలు కావచ్చు, మీ వీధిలో మాజీ సైనికుడు ఎవరైనా ఉంటే వెళ్లి పలకరించండి. ఎన్ని పతకాలు వచ్చాయన్న ప్రశ్న తరువాత అడగవచ్చు. ముందు రాత్రిళ్లు నిద్ర పడుతోందా అని అడగండి. చెప్పినంత రాసిపెట్టండి, చెప్పలేనిదాన్ని బలవంతం చేయకండి. కథలు రాసే యువకులు ఆ మాటల దగ్గరనుంచి మొదలుపెడితే, తెలుగులో ఇంకా రాని సైనిక నవల ఈ కోనసీమ నుంచే రావచ్చు.