ఎనిమిదో వంతు రక్తం ఉంటే?

1947 అక్టోబరు 6. కాలిఫోర్నియా సుప్రీంకోర్టు. అమెరికాలో ప్రతి రాష్ట్రానికీ ఒక అత్యున్నత న్యాయస్థానం ఉంటుంది. మన హైకోర్టు లాంటిదే అనుకోవచ్చు, కానీ రాష్ట్ర చట్టానికి అర్థం చెప్పడంలో దాని మాటే ఆఖరు. మీరు వెనక వరసలో కూర్చుని ఉన్నారు. ఎదురుగా ఏడుగురు న్యాయమూర్తులు. లాస్ ఏంజెలెస్ కౌంటీ తరఫు న్యాయవాది చార్లెస్ స్టాన్లీ వాదిస్తున్నారు. ఆయన పని తేలికే అనిపిస్తుంది. తెల్లవాళ్లు నల్లవాళ్లను పెళ్లాడకూడదన్న చట్టం ఈ రాష్ట్రంలో 1850 నుంచీ ఉంది. ఇంకా చాలా రాష్ట్రాల్లో ఉంది. ఈ శతాబ్దంలో ఇలాంటి చట్టాన్ని కొట్టేసిన కోర్టు ఒక్కటీ లేదు.

ఆ చట్టాన్ని సవాలు చేసినవాళ్లు ఆండ్రియా పెరెజ్, సిల్వెస్టర్ డేవిస్. బర్‌బ్యాంక్‌లోని లాక్‌హీడ్ విమానాల ఫ్యాక్టరీలో పనిచేస్తూ పరిచయమయ్యారు. ఆమె మెక్సికన్ మూలాలున్న కుటుంబం పిల్ల, చట్టం లెక్కలో తెల్లమ్మాయి. ఆయన నల్లజాతివాడు. ఇద్దరూ క్యాథలిక్కులే, వాళ్ల పెళ్లికి చర్చికి అభ్యంతరం లేదు. కౌంటీ క్లర్కు మాత్రం లైసెన్సు ఇవ్వనన్నాడు.

స్టాన్లీ వాదన మధ్యలో ఒక న్యాయమూర్తి ప్రశ్న వేశారు. పేరు రోజర్ ట్రేనర్, వయసు 47. చట్టంలో నీగ్రో అని రాశారు కదా, అంటే ఎవరు?

దానికి ఇంతవరకూ ఏ కోర్టూ అర్థం చెప్పలేదన్నారు స్టాన్లీ. ట్రేనర్ వదల్లేదు. ఎనిమిదో వంతు నల్ల రక్తం ఉన్నవాడు తెల్లమ్మాయిని పెళ్లాడవచ్చా? పదహారో వంతయితే? ముప్పై రెండో వంతు, అరవై నాలుగో వంతయితే? ఇలా లెక్కపెడుతూ పోతే, రెండు జాతుల రక్తమూ ఉన్న మనిషి ఎవర్నీ పెళ్లి చేసుకోలేని స్థితి రాదా? ఎంత రక్తమో శాసనసభ తేల్చి ఉంటే బాగుండేదని స్టాన్లీ ఒప్పుకున్నారు. మనుషుల్ని శాస్త్రీయంగా పరిశీలించేవాళ్లకే తేలని సంగతి అదని ట్రేనర్ అన్నారు. మరి కౌంటర్ వెనక కూర్చున్న క్లర్కు ఎలా తేలుస్తాడు?

ఆ హాల్లో ఇంకెవరికి తట్టినా తట్టకపోయినా, అక్కడ కూర్చున్న భారతీయుడికి ఒకటి తడుతుంది. అంతకు ముందు తరంలో కాలిఫోర్నియా పొలాలకు వచ్చిన పంజాబీ రైతులు మెక్సికన్ స్త్రీలను పెళ్లాడారు. ఇద్దరి రంగూ ఒకటేనని క్లర్కు అనుకున్న చోట లైసెన్సు దొరికింది. ఒక మనిషి సంసారం మరో మనిషి కంటిచూపు మీద ఆధారపడింది. ట్రేనర్ ప్రశ్న తగిలింది సరిగ్గా అక్కడే.

తీర్పు వచ్చేసరికి దాదాపు ఏడాది పట్టింది. 1948 అక్టోబరు 1, నలుగురు అటు, ముగ్గురు ఇటు. ప్రధానమైన అభిప్రాయం ట్రేనర్ రాశారు. రైల్లో ఒక పెట్టె ఎక్కనివ్వకపోతే ఇంకో పెట్టె ఎక్కవచ్చు. మనసిచ్చిన మనిషి స్థానంలో ఇంకో మనిషిని కూర్చోబెట్టలేం. ఆయన తర్కం సారాంశం ఇదీ. దాదాపు వందేళ్ల చట్టం ఆ రోజుతో పోయింది. ఆండ్రియా, సిల్వెస్టర్ పెళ్లి చేసుకున్నారు.

ఇంతకీ ఈ న్యాయమూర్తి ఎక్కణ్ణుంచి వచ్చారు? యూటా రాష్ట్రంలోని పార్క్ సిటీ అనే వెండి గనుల ఊళ్లో 1900లో పుట్టారు. తల్లిదండ్రులు ఐర్లండ్ నుంచి వలసవచ్చినవాళ్లు. బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రంలో డాక్టరేటూ, న్యాయశాస్త్రంలో పట్టా రెండూ పుచ్చుకుని అక్కడే పాఠాలు చెప్పారు. పన్నుల చట్టాల్లో దిట్ట. 1940లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు పదవికి గవర్నరు ఓల్సన్ మొదట ఎంచుకున్నది ఆయన్ను కాదు, ఆయన సహాధ్యాపకుడు మాక్స్ రాడిన్‌ను. అర్హతల కమిషన్‌లో సభ్యుడైన అటార్నీ జనరల్ ఎర్ల్ వారెన్ అడ్డుచెప్పారు, రాడిన్ పేరు పోయింది, ట్రేనర్‌కు పిలుపు వచ్చింది. అంతకుముందు ఆయన ఏ కోర్టులోనూ న్యాయమూర్తిగా కూర్చోలేదు.

ట్రేనర్ ముందుకు వచ్చిన మరో కేసు కోసం ఇప్పుడు కాలిఫోర్నియాలోని మెర్సెడ్ పట్టణంలో ఒక రెస్టారెంటుకు రండి. గ్లాడిస్ ఎస్కోలా అక్కడ వెయిట్రెస్. కోకా కోలా సీసాల కేసు వచ్చి ఒకటిన్నర రోజులైంది. ఒక్కో సీసా తీసి ఫ్రిజ్‌లో పెడుతోంది. మూడు పెట్టింది. నాలుగోది కేసు నుంచి మూరెడు దూరం కదిలిందో లేదో, చేతిలోనే పేలింది. అరచేతిలో ఐదంగుళాల గాయం. నరాలూ రక్తనాళాలూ తెగిపోయాయి. కంపెనీ తప్పు చేసిందని ఈమె ఎలా రుజువు చేస్తుంది? సీసా నింపిన ఫ్యాక్టరీని ఈమె చూడనైనా లేదు.

1944లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఆమెనే గెలిపించింది. సీసా మామూలుగా పేలదు, పేలిందంటే కంపెనీ అజాగ్రత్తే అయి ఉంటుందని ఊహించవచ్చంది. ట్రేనర్‌కు ఆ ఊహ అక్కర్లేదనిపించింది. అజాగ్రత్త ఉన్నా లేకపోయినా, లోపమున్న సరుకు మనిషిని గాయపరిస్తే తయారీదారే భరించాలని విడిగా రాశారు. ఆ నష్టం ఒక్క మనిషిని ముంచేస్తుంది. కంపెనీ అయితే బీమా చేసి, ధరలో సర్ది, అందరికీ పంచగలదు. ఆ రోజు ఆయనతో ఎవరూ సంతకం పెట్టలేదు. 1963లో, చెక్కపని యంత్రంలోంచి ఎగిరి వచ్చిన ముక్క తగిలి నుదురు పగిలిన గ్రీన్‌మన్ అనే మనిషి కేసులో, మొత్తం కోర్టు ఆ మాటకే వచ్చింది. ఆ తీర్పూ ట్రేనర్ కలం నుంచే. సరుకు లోపానికి తయారీదారు బాధ్యత అన్న అధ్యాయం మన వినియోగదారుల చట్టంలోకి 2019లో వచ్చింది.

అయినా నేను ఆయనకు చేతులెత్తి మొక్కేది మరో తీర్పు చూసి. 1942లో, పోలీసులు చట్టం తప్పి సంపాదించిన సాక్ష్యం కూడా కోర్టులో చెల్లుతుందని ట్రేనరే రాశారు. 1955లో కాహన్ కేసు వచ్చింది. లాస్ ఏంజెలెస్ పోలీసులు పందేల ముఠాను పట్టుకోవడానికి పక్క కిటికీలోంచి ఇంట్లో దూరి, సొరుగుల బీరువా కింద రహస్యంగా మైక్రోఫోను పెట్టారు. సాక్షాత్తూ పోలీసు అధిపతి అనుమతితో. కోర్టు పట్టించుకోకపోతే పోలీసులు ఎంతదాకా వెళతారో ట్రేనర్ పదమూడేళ్లుగా చూస్తూనే ఉన్నారు. పోలీసుల్ని అదుపు చేసే మిగతా మార్గాలన్నీ విఫలమయ్యాయని ఒప్పుకుని, తన పాత తీర్పును తనే కొట్టేశారు. ఆ సాక్ష్యం ఇక చెల్లదు. మళ్లీ నలుగురు అటు, ముగ్గురు ఇటు. పోలీసు అధిపతి మండిపడ్డారు. అరవై నాలుగో వంతు రక్తం గురించి స్టాన్లీని నిలదీసిన మనిషి, అంతే గట్టిగా తనను తాను నిలదీసుకున్నారు. ఎదుటివాళ్లను ప్రశ్నించే న్యాయమూర్తులు చాలామందే ఉంటారు. సొంత సంతకం మీద గీత గీసినవాళ్లు అరుదు.

ట్రేనర్ 1964లో కాలిఫోర్నియా ప్రధాన న్యాయమూర్తి అయ్యారు, 1970లో పదవి దిగారు, 1983లో కన్నుమూశారు. అమెరికా సుప్రీంకోర్టులో ఎన్నడూ కూర్చోలేదు. కానీ 1967లో ఆ కోర్టు జాతులు దాటిన పెళ్లిళ్ల మీద నిషేధాలన్నిటినీ దేశమంతటా రద్దు చేసినప్పుడు, ఈ దారి మొదట చూపింది కాలిఫోర్నియా కోర్టేనని తీర్పులో నమోదు చేసింది. ఆ తీర్పు రాసిన అమెరికా ప్రధాన న్యాయమూర్తి, 1940లో రాడిన్‌కు అడ్డుచెప్పిన ఎర్ల్ వారెన్.